ఆ సమ్మతి పత్రం మామూలు మనిషికి అర్థం కావాలి

సంపాదకుడు గారికి,

మా అబ్బాయికి క్రోన్స్ జబ్బు, అంటే పేగుల్లో వాపు, పుళ్ళు వచ్చి ఏళ్ళ తరబడి వేధించే జబ్బు. ఆరేళ్ళ కిందట కడుపునొప్పి, విరేచనాలు మొదలైతే పేగు టీబీ అనుకుని తొమ్మిది నెలలు టీబీ మందులు వాడించారు. ఈ రెండు జబ్బులూ స్కోపులో (కెమెరా గొట్టంతో పేగు లోపల చూడటం), ముక్క పరీక్షలో (పేగు నుంచి చిన్న ముక్క తీసి చూడటం) ఇంచుమించు ఒకేలా కనబడతాయట. అందుకని అప్పటి డాక్టర్లను తప్పుపట్టను.

ఈమధ్య ఒక ఆసుపత్రిలో, క్రోన్స్‌కి కొత్త మందును మనుషుల మీద వాడి చూసే తొలిదశ పరీక్షలో (క్లినికల్ ట్రయల్) చేరతారా అంటూ మావాడికి సమ్మతి పత్రం ఇచ్చారు. తెలుగులోనే ఉంది. కానీ ఏం తెలుగండీ అది! "ప్రతికూల సంఘటన" అట, అంటే మందు వాడుతుండగా ఒంటికి వచ్చే ఇబ్బంది. "యాదృచ్ఛిక కేటాయింపు" అట, అంటే ఎవరికి ఏ మందో చీటీలు తీసినట్టు నిర్ణయించడం. ముప్పై ఏళ్ళు బళ్ళో తెలుగు చెప్పిన నాకే రెండుసార్లు చదివితే గానీ తలకెక్కలేదు. మా ఆవిడైతే "కొత్త మందంటున్నారుగా, వాడికి నయమవుతుందేమో, సంతకం పెట్టెయ్యమనండి" అంది.

చిక్కంతా అక్కడే. తొలిదశలో ముఖ్యంగా చూసేది జబ్బు తగ్గుతుందా అని కాదు. మందు ఒంటికి పడుతుందా, ఎంత డోసు వరకు తట్టుకుంటారు, రక్తంలో ఎంతసేపు ఉంటుంది, ఇవీ. 2006లో లండన్‌లో కొత్త యాంటీబాడీ మందు ఎక్కించుకున్న ఆరుగురు ఆరోగ్యవంతులు కొన్ని గంటల్లోనే ఐసీయూ పాలయ్యారు. కోతుల మీద ఏ హానీ చూపని మందే అది! క్రోన్స్ మందులు చాలావరకు రోగనిరోధక శక్తిని తగ్గించేవే. కొన్నిటితో ఒంట్లో అణిగి ఉన్న టీబీ తిరగబెట్టవచ్చు. మన దగ్గర అది చిన్న సంగతి కాదు.

పరీక్షలే వద్దనడం లేదు. మావాడు ఇవాళ ఉద్యోగానికి వెళ్తున్నాడంటే ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఇంజెక్షన్ చలవే. అదీ ఒకప్పుడు ఎవరో ధైర్యం చేసి పరీక్షకు ఒప్పుకుంటేనే 1998లో క్రోన్స్‌కి వాడుకలోకొచ్చింది. అయితే 2011లో అప్పటి మన జిల్లాలోని పిడుగురాళ్ల మహిళలు డబ్బు కోసం హైదరాబాద్ వెళ్ళి, మందుల పరీక్షల్లో చేరి జబ్బుపడ్డ ఉదంతం పేపర్లలో చదివినవాళ్ళం కదా.

2019 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం పరీక్షలకు అనుమతినిచ్చే ఎథిక్స్ కమిటీలో వైద్యంతో సంబంధం లేని మామూలు మనిషి ఒకరు ఉండాలి. తెలుగు పత్రాన్ని ముందు ఆయన చేత చదివించండి. ఆయనకు అర్థమైతేనే రోగి చేతికివ్వండి. "ఈ దశలో మీ జబ్బు తగ్గుతుందన్న హామీ లేదు" అన్న మాట మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో ఉండాలి. సంతకానికి ముందే ఆ కాగితం రెండు రోజులు ఇంటికివ్వాలి. మమ్మల్ని మాత్రం అక్కడే, ఓపీ క్యూ పక్కన బల్ల మీద కూర్చుని చదవమన్నారు.

– ఒక తండ్రి, బ్రాడీపేట, గుంటూరు