మేం పెట్టిన రూట్ పాస్‌వర్డ్‌ను చెరిపేస్తున్న మీ యోక్టో లేయర్‌పై ఫిర్యాదు

హైదరాబాద్

బోర్డు సాఫ్ట్‌వేర్ సపోర్ట్ విభాగం మేనేజర్ గారికి,

విషయం: గేట్‌వే బోర్డుతో ఇచ్చిన లైనక్స్ లేయర్‌లో అందరికీ ఒకే రూట్ పాస్‌వర్డ్, దాన్ని మార్చనివ్వని లోపం, పనిచేయని యూజర్ ఖాతాల గైడ్.

ఆర్యా,

మీ ఇండస్ట్రియల్ గేట్‌వే బోర్డుకు మీరిచ్చిన యోక్టో 4.0 (కిర్క్‌స్టోన్) లేయర్‌తో, అంటే పరికరాలకు సొంత లైనక్స్ తయారుచేసే యోక్టోకు మీరు రాసిన అదనపు ఫైళ్లతో, ఇమేజ్ (బోర్డులో ఎక్కించే పూర్తి సాఫ్ట్‌వేర్) బిల్డ్ చేస్తే, సర్వాధికారాలున్న రూట్ ఖాతాకు మీ సంస్థ పాస్‌వర్డే వస్తోంది. బోర్డు మోడల్ పేరును చిన్న అక్షరాల్లో రాస్తే అదే పాస్‌వర్డ్. మీ క్విక్ స్టార్ట్ గైడ్‌లోనే అచ్చయి ఉంది. మా ఇమేజ్ రెసిపీలో (ఇమేజ్ ఎలా తయారవ్వాలో చెప్పే ఫైలు) వేరే పాస్‌వర్డ్ ఇచ్చినా, రూట్‌ను పూర్తిగా లాక్ చేసినా, చివరికి తయారైన ఇమేజ్‌లో మళ్లీ మీదే ఉంటోంది. ఎర్రర్ రాదు, వార్నింగ్ కూడా రాదు. సపోర్ట్ టికెట్ వేస్తే, ప్రొడక్షన్‌కు ముందు పాస్‌వర్డ్ మార్చుకోవడం కస్టమర్ బాధ్యత అని రాసి మూసేశారు. ఆ బాధ్యత మాదే, కాదనడం లేదు. కానీ మార్చనివ్వనిది మీ లేయర్. అందుకే నేరుగా మీకు రాస్తున్నాం.

కారణం మీ ఇమేజ్ క్లాసులో, అంటే రెసిపీలు ఇన్హెరిట్ చేసుకుని వాడే ఉమ్మడి ఫైల్లో, ఉంది. మేం వాడింది యోక్టో మాన్యువల్ చెప్పే మామూలు పద్ధతి: ఎక్స్‌ట్రాయూజర్స్ క్లాసును ఇన్హెరిట్ చేసి, ఖాతా వివరాలు మార్చే యూజర్‌మాడ్ కమాండ్‌ను ఎక్స్‌ట్రా_యూజర్స్_పారామ్స్ వేరియబుల్‌లో ఇవ్వడం. ప్యాకేజీలన్నీ ఇన్‌స్టాల్ అయ్యాక, రూట్ ఫైల్‌సిస్టమ్ మీద ఆ క్లాసు ఈ కమాండ్లను నడుపుతుంది. మీ క్లాసులోనూ ఒక షెల్ ఫంక్షన్ ఉంది. అది పాస్‌వర్డ్‌ల హ్యాష్‌లు (పాస్‌వర్డ్ నుంచి లెక్కగట్టిన గుప్త రూపాలు) ఉండే షాడో ఫైల్లో రూట్ లైన్‌ను, టెక్స్ట్ మార్చే సెడ్ కమాండ్‌తో తిరగరాస్తోంది. రెండూ రూట్‌ఎఫ్‌ఎస్_పోస్ట్‌ప్రాసెస్_కమాండ్ అనే వేరియబుల్‌కు చివర చేరేవే. మీది తర్వాత చేరుతోంది కాబట్టి మేం రాసింది చెరిగిపోతోంది. యోక్టో బిల్డ్‌ను నడిపే బిట్‌బేక్‌ను మైనస్ ఇ ఆప్షన్‌తో ఇమేజ్ పేరు ఇచ్చి నడిపి, వచ్చిన అవుట్‌పుట్‌లో ఆ వేరియబుల్ విలువ చూస్తే రెండు ఫంక్షన్ల వరుస మీ ఇంజనీర్లకే కనబడుతుంది.

మీరు పెడుతున్న హ్యాష్ సంగతి కూడా చెప్పాలి. అది డాలర్, 1, డాలర్‌తో మొదలవుతోంది, అంటే పాతబడి బలహీనమైన ఎండీ5 పద్ధతి. సాల్ట్ (హ్యాష్ ప్రతిసారీ వేరుగా వచ్చేలా కలిపే అక్షరాలు) కూడా స్థిరం, ఏ కస్టమర్ బిల్డ్ చేసినా షాడో ఫైల్లో ఒకే లైన్ వస్తుంది. ఎవరికైనా ఒక్క ఫర్మ్‌వేర్ ఫైలు దొరికి దాని హ్యాష్ తెలిసిందంటే, మీ బోర్డు వాడే ఉత్పత్తులన్నీ తెలిసినట్టే.

ప్రస్తుతానికి మేం మీ ఫంక్షన్‌ను రిమూవ్ ఓవర్‌రైడ్‌తో (వేరియబుల్ నుంచి ఒక మాటను తీసే యోక్టో పద్ధతి) తీసేసి నెట్టుకొస్తున్నాం. ఇందులోనూ ఒక చిక్కుంది. మీ క్లాసు ఫంక్షన్ పేరు చివర సెమీకోలన్ పెట్టింది. రిమూవ్ ఖాళీల మధ్య ఉన్న మాటను పూర్తిగా పోల్చి చూస్తుంది కాబట్టి, సెమీకోలన్ కలపకుండా పేరు మాత్రమే రాస్తే అది ఏమీ తీయదు, ఏమీ చెప్పదు కూడా. రేపు మీరు ఆ ఫంక్షన్ పేరు మార్చినా ఇదే పరిస్థితి. పాత పాస్‌వర్డ్ చప్పుడు లేకుండా తిరిగొస్తుంది. ఇలాంటి అతుకు మీద ఉత్పత్తిని నిలబెట్టలేం.

ఇక మీ గైడ్. రూట్ పాస్‌వర్డ్‌ను యూజర్‌మాడ్‌కు పెద్ద పి ఆప్షన్‌తో మామూలు అక్షరాల్లో ఇవ్వమని అందులో ఉంది. పాత యోక్టో విడుదలల్లో యూజర్‌మాడ్ వంటి కమాండ్లుండే షాడో ప్యాకేజీకి అదనంగా ఒక ప్యాచ్ ఉండేది కాబట్టి అది నడిచింది. కిర్క్‌స్టోన్‌లో ఆ సౌకర్యం లేదు. అసలు షాడో ప్రాజెక్టులో పెద్ద పి అంటే ప్రిఫిక్స్ డైరెక్టరీ, మార్చాల్సిన ఫైళ్లున్న చోటు. దాంతో పాస్‌వర్డ్‌ను డైరెక్టరీ దారి అనుకుని కమాండ్ ఆగిపోతుంది. ఇప్పుడు చిన్న పి ఆప్షన్, దాంతో ముందే తయారుచేసిన హ్యాష్ ఇవ్వాలి. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ పాస్‌డబ్ల్యూడీ కమాండ్‌కు మైనస్ 6 ఇస్తే ఎస్‌హెచ్‌ఏ-512 హ్యాష్ వస్తుంది.

ఆ హ్యాష్‌ను ఎలా రాయాలో గైడ్ ఎక్కడా చెప్పలేదు. మీ కస్టమర్లలో ఎక్కువమంది పడిపోయేది ఇక్కడేనని మా నమ్మకం. హ్యాష్‌లో డాలర్ గుర్తులుంటాయి. ఈ వేరియబుల్ చివరికి కమాండ్లు నడిపే షెల్ చేతికి వెళ్తుంది. డాలర్ 6 అన్నది షెల్‌కు ఆరో ఆర్గ్యుమెంట్, అది ఖాళీ. తర్వాతి డాలర్ వెనక ఉన్న సాల్ట్ ఏదో వేరియబుల్ పేరు, అదీ ఖాళీ. మిగిలిన తునకే షాడో ఫైల్లో చేరుతుంది. బిల్డ్ మాత్రం ఆకుపచ్చగానే పూర్తవుతుంది. బోర్డు మీద సరైన పాస్‌వర్డ్ కొట్టినా లాగిన్ ఇన్‌కరెక్ట్ అనే వస్తుంది. ప్రతి డాలర్ ముందు బ్యాక్‌స్లాష్ పెట్టాలి, హ్యాష్‌ను సింగిల్ కోట్లలో ఉంచాలి, ఒక్కో కమాండ్‌ను సెమీకోలన్‌తో ముగించాలి. ఈ ఒక్క వాక్యం మీ గైడ్‌లో ఉండి ఉంటే చాలా టికెట్లు మీదాకా వచ్చేవే కావు.

సర్వీసులకు ప్రత్యేక యూజర్లను సృష్టించే భాగం కూడా పాతదే. యూజర్‌యాడ్_పారామ్ తర్వాత ప్యాకేజీ పేరును అండర్‌స్కోర్‌తో కలపమన్నారు. యోక్టో 3.4 నుంచి అక్కడ కోలన్ రావాలి. దీనికైతే బిల్డ్ ఎర్రర్ చెప్పి ఆగుతుంది కాబట్టి నష్టం తక్కువ.

అంతకన్నా లోతైన ఇబ్బంది యూఐడీలది, అంటే యూజర్లకు సిస్టమ్ ఇచ్చే నంబర్లది. సిస్టమ్ యూజర్‌కు నంబర్ ఇవ్వకపోతే 999 నుంచి కిందికి, ఖాళీ ఉన్నది ఇచ్చేస్తుంది. ఈ విడుదలలో మోడ్‌బస్ (పారిశ్రామిక యంత్రాలతో మాట్లాడే ప్రోటోకాల్) సర్వీసు యూజర్‌కు 998 వచ్చిందనుకోండి. తర్వాతి విడుదలలో మీరు కొత్త ప్యాకేజీ ఒకటి చేర్చితే అదే 998 వేరే యూజర్‌కు పోవచ్చు. రూట్ ఫైల్‌సిస్టమ్ అప్‌డేట్‌తో మొత్తం మారుతుంది, డేటా పార్టిషన్ మాత్రం అలాగే ఉంటుంది. అక్కడి ఫైళ్లకు ఉన్నది పేరు కాదు, నంబరు. అప్‌డేట్ అయిన మరుక్షణం ఒక సర్వీసు కీలు ఇంకో సర్వీసు చేతికి వెళ్తాయి, అసలు సర్వీసు పర్మిషన్ డినైడ్ అంటూ పడిపోతుంది. దీనికి యోక్టోలో యూజర్‌యాడ్-స్టాటిక్‌ఐడ్స్ ఉంది. పాస్‌డబ్ల్యూడీ, గ్రూప్ పట్టికల్లో నంబర్లు ముందే రాసిపెట్టి, యూజర్‌యాడ్_ఎర్రర్_డైనమిక్‌కు ఎర్రర్ అని విలువ ఇస్తే, పట్టికలో లేని యూజర్ వచ్చిన చోటే బిల్డ్ ఆగుతుంది. మీ లేయర్ సృష్టించే యూజర్లకు పట్టిక ఇవ్వాల్సింది మీరే. మేం ఊహించి రాస్తే మీ తర్వాతి విడుదలలో మళ్లీ తప్పుతుంది.

మొదటి బూట్ తర్వాత పాస్‌వర్డ్ మార్చుకోండి అన్న మీ సలహా మీ సొంత ఇమేజ్ మీదే నిలవదు. మీ ఇమేజ్‌లో రూట్ ఫైల్‌సిస్టమ్ రీడ్-ఓన్లీ, షాడో ఫైలును రాయడం కుదరదు. దాని మీద ర్యామ్‌లో ఓవర్‌లే (మార్పులు రాసుకునే తాత్కాలిక పొర) వేస్తే, కరెంటు పోయి వచ్చేసరికి పాత పాస్‌వర్డే ఉంటుంది. రైటబుల్‌గా మార్చుకున్నా, ఏ-బీ అప్‌డేట్‌లో (ఒక పార్టిషన్ నడుస్తుండగా ఇంకోదాన్ని మార్చే పద్ధతి) రెండో పార్టిషన్ కొత్త ఇమేజ్‌తో, మీ పాస్‌వర్డ్‌తో లేస్తుంది. ఒక్కో పరికరానికి వేరే పాస్‌వర్డ్ ఉండాలంటే, ఫ్యాక్టరీలో యాదృచ్ఛికంగా తయారుచేసి, దాని హ్యాష్‌ను అప్‌డేట్ తాకని పార్టిషన్‌లో పెట్టి, బూట్ సమయంలో అక్కడి నుంచి తెచ్చుకునే ఏర్పాటు కావాలి. సీరియల్ నంబర్ నుంచో మ్యాక్ అడ్రస్ నుంచో లెక్కగట్టడం పనికిరాదు. ఒకటి బాక్సు మీద ఉంటుంది, రెండోది నెట్‌వర్క్‌లో కనబడుతుంది.

రూట్ లాక్ చేసి, దూరం నుంచి లాగినయ్యే ఎస్‌ఎస్‌హెచ్ కీలతోనే ప్రవేశం ఇవ్వడం మాకు నచ్చిన దారి. దాన్ని మీరు గైడ్‌లో చేర్చదలిస్తే ఒక జాగ్రత్త: పామ్ (లైనక్స్ లాగిన్ తనిఖీ వ్యవస్థ) లేకుండా నడిచే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్, షాడోలో ఆశ్చర్యార్థకంతో మొదలయ్యే ఖాతాను లాక్ అయినట్టు భావించి కీ సరైనదైనా తిప్పి పంపుతుంది. అక్కడ నక్షత్రం గుర్తు పెడితే పాస్‌వర్డ్ పనిచేయదు, కీ పనిచేస్తుంది. ఇంతా చేసి బూట్‌లోడర్ యూ-బూట్ ప్రాంప్ట్‌ను సీరియల్ పోర్టులో తెరిచి ఉంచితే, కర్నెల్‌కు ఇనిట్ (మొదట నడిచే ప్రోగ్రామ్) స్థానంలో షెల్ ఇచ్చి ఎవరైనా లోపలికి రావచ్చు. అదీ మీ డిఫాల్ట్ కాన్ఫిగరేషన్‌లో తెరిచే ఉంది.

ఇది చిన్న విషయం కాదని 2016లోనే తేలింది. మిరాయ్ బాట్‌నెట్ (హ్యాకర్ల చేతికి చిక్కిన పరికరాల గుంపు) టెల్‌నెట్ (పాత రిమోట్ లాగిన్ పద్ధతి) తెరిచి ఉన్న కెమెరాలు, రౌటర్లలోకి దూరింది అరవై పైచిలుకు డిఫాల్ట్ యూజర్ పేరు, పాస్‌వర్డ్ జతలతోనే. 2022 ఏప్రిల్‌లో రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ తన డిఫాల్ట్ యూజర్‌ను తీసేసింది. యోక్టో కూడా 5.2లో, ఖాళీ రూట్ పాస్‌వర్డ్‌ను అనుమతించే డీబగ్-ట్వీక్స్ ఫీచర్‌ను తొలగించింది. ఖాళీ రూట్ పాస్‌వర్డ్ కావాలంటే ఇప్పుడు పేరు పెట్టి అడగాలి. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి, వినియోగదారులకు అమ్మే నెట్ పరికరాల్లో అందరికీ ఒకే డిఫాల్ట్ పాస్‌వర్డ్ ఉండటం చట్టవిరుద్ధం. డిజిటల్ ఉత్పత్తుల భద్రతపై వచ్చిన యూరప్ సైబర్ రెసిలియన్స్ చట్టంలోని ప్రధాన బాధ్యతలు 2027 డిసెంబర్ 11 నుంచి అమలవుతాయి. మీ బోర్డుతో చేసిన ఉత్పత్తిని ఆ మార్కెట్లకు పంపేవాళ్లు మీ లేయర్‌లోని ఒక సెడ్ లైన్‌కు జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.

మేం కోరుతున్నవి ఇవి. షాడో ఫైలును మార్చే ఫంక్షన్‌ను ఇమేజ్ క్లాసు నుంచి పూర్తిగా తీసేసి సవరించిన లేయర్ విడుదల చేయండి. డెవలపర్ల సౌకర్యం కోసం పాస్‌వర్డ్ తప్పదనుకుంటే దాన్ని వేరే డెవలప్‌మెంట్ ఇమేజ్‌లో ఉంచండి, ప్రొడక్షన్ ఇమేజ్ దాన్ని ఇన్హెరిట్ చేయకూడదు. యూఐడీ, జీఐడీ (గ్రూప్ నంబర్లు) పట్టికలు లేయర్‌తో పాటే ఇవ్వండి. గైడ్‌లోని ఖాతాల అధ్యాయాన్ని కిర్క్‌స్టోన్ మీద బిల్డ్ చేసి చూసి తిరగరాయండి. ఈ ఫంక్షన్ మీ లేయర్‌లో ఏ విడుదల నుంచి ఉందో రాతపూర్వకంగా తెలిపి, ఆ విడుదలలు వాడుతున్న కస్టమర్లందరికీ భద్రతా సూచన పంపండి. వాళ్లలో చాలామంది తాము పెట్టుకున్న పాస్‌వర్డే పరికరంలో ఉందనుకుంటూ ఉండొచ్చు.

రెండు ఫంక్షన్ల వరుస చూపే బిట్‌బేక్ అవుట్‌పుట్, హ్యాష్ భాగం చెరిపేసిన షాడో లైన్, మా ఇమేజ్ రెసిపీ ఈ లేఖకు జతచేశాం. సవరించిన లేయర్ వచ్చేదాకా మీ బోర్డుకు కొత్త ఆర్డర్లు ఇవ్వడం ఆపుతున్నాం.

ఇట్లు,
ఫర్మ్‌వేర్ బిల్డ్ బృందం