మేడమీది సోలార్ వాడకందారుల సంఘం, విశాఖపట్నం: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘానికి అందిన ఫిర్యాదుల్లో ఎక్కువ శాతం ఒకటే మాట: ‘చెప్పినంత కరెంటు రావడం లేదు.’ తీరా చూస్తే చాలామంది చూస్తున్నది బిల్లులోని ఎక్స్‌పోర్టు అంకె. పగలు ఇంట్లో ఏసీ, మోటారు, ఫ్రిజ్ వాడుకోగా మిగిలి లైనులోకి పోయిన యూనిట్లే అందులో ఉంటాయి. అసలు ఉత్పత్తి, ప్యానెళ్ల కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే ఇన్వర్టర్ తెరమీదో ఫోను యాప్‌లోనో దొరుకుతుంది. నెల మొత్తాన్ని ముందు ప్యానెళ్ల కిలోవాట్లతో, తర్వాత రోజులతో భాగించండి. 3 కిలోవాట్లకు 30 రోజుల్లో 360 యూనిట్లు వస్తే కిలోవాట్‌కు రోజుకు 4 పడ్డట్టు. ఈ అంకె చేతిలో ఉంటేనే ఒక మేడను ఇంకో మేడతో పోల్చగలం.

ఎండ లెక్క

ఎండకు మన ఊళ్లో లోటు లేదు. ఏడాది సగటున రోజుకు చదరపు మీటరుకు దాదాపు 5 యూనిట్ల శక్తి ఉన్న ఎండ పడుతుంది. నీడ లేకుండా, ప్యానెళ్లు శుభ్రంగా ఉంటే కిలోవాట్‌కు ఏడాదికి 1,300 నుంచి 1,500 యూనిట్లు ఆశించవచ్చు. అది నెలనెలా ఒకేలా రాదు. మార్చి, ఏప్రిల్ బాగుంటాయి. జులై, ఆగస్టుల్లో మబ్బు, అక్టోబరులో వాయుగుండాలు. ఆగస్టు అంకెను మార్చితో పోల్చి, బిగించినవాళ్లతో గొడవకు దిగొద్దు. కిందటి ఆగస్టుతో పోల్చండి, లేదా పక్కింటి ఆగస్టుతో.

మేలో ఎండ మండిపోతున్నా ఉత్పత్తి తగ్గడం చాలామందికి వింతగా ఉంది. ప్యానెల్ మీద రాసిన వాట్లు దానిలోని సెల్ (కరెంటు పుట్టించే పలక) వేడి 25 డిగ్రీలు ఉన్నప్పటివి. ఆపైన ప్రతి డిగ్రీకీ మామూలు మోనో (ఒకే స్ఫటికపు సిలికాన్) ప్యానెల్ సుమారు 0.35 శాతం కోల్పోతుంది. మిట్టమధ్యాహ్నం సెల్ 65 డిగ్రీలకు చేరితే 14 శాతం అక్కడే పోయినట్టు. ప్యానెల్ కింద గాలి ఆడాలి. రేకులకు ఆనించి బిగించిన చోట వేడి ఇంకా పెరుగుతుంది. ముడసర్లోవ రిజర్వాయరు మీద మన నగరపాలక సంస్థ జీవీఎంసీ 2 మెగావాట్ల తేలియాడే సోలార్ ప్లాంటు పెట్టింది. నీళ్ల మీద కలిసొచ్చే సంగతుల్లో ఈ చల్లదనం ఒకటి. మేడ మీద మనకు ఉన్నది సముద్రపు గాలే, దానికి దారి వదలాలి.

నీడ

మన అక్షాంశం 17.7 డిగ్రీలు. డిసెంబరు మూడో వారంలో మధ్యాహ్నం సూర్యుడు 49 డిగ్రీల ఎత్తుకు మించి ఎక్కడు. 6 అడుగుల వాటర్ ట్యాంకు నీడ అప్పుడు ఉత్తరంగా 5 అడుగులు దాటి పడుతుంది. ఉదయం, సాయంత్రం ఇంకా సాగుతుంది. అందుకే ట్యాంకుకు, లిఫ్టు గదికి ఉత్తరం పక్కన ప్యానెళ్లు పెట్టేటట్లయితే ఎత్తుకు రెట్టింపు దూరం వదలమని చెబుతున్నాం. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదలు దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు కాస్త ఉత్తరాన ఉంటాడు. కాబట్టి దక్షిణానికి 10 నుంచి 15 డిగ్రీల వంపు చాలు. గాలి పట్టు కూడా తగ్గుతుంది. కైలాసగిరికి పడమటి పక్క మేడలకు ఉదయపు ఎండ ఆలస్యంగా తగులుతుంది. దానికి మందు లేదు, అంచనాలోనే తగ్గించుకోవాలి.

మురికి, నీళ్లు

వంపు మరీ తక్కువైతే వాన వెలిశాక నీళ్లు కింది ఫ్రేము దగ్గర నిలిచి, ఎండాక వేలెడు వెడల్పున మట్టి చార కడుతుంది. చూడ్డానికి చిన్నదే. కానీ నిలువుగా పెట్టిన హాఫ్‌కట్ ప్యానెల్‌లో (సగానికి కోసిన సెల్స్‌తో, పై సగం, కింది సగం విడివిడిగా పనిచేసేది) ఆ చార కింది వరుస సెల్స్ అన్నిటినీ ఒకేసారి కప్పుతుంది, కింది సగం దాదాపు పడకేస్తుంది. పైపైన నీళ్లు చల్లితే అది పోదు. మెత్తటి స్పాంజితో ఫ్రేము అంచు వెంట తుడవాలి. పోర్టు చుట్టుపక్కల నల్లటి దుమ్ము పడే మేడలకు ఈ పని తరచుగా కావాలి.

కడగడం ఎండెక్కకముందే చెయ్యాలి. కాలిన గాజు మీద చల్లటి నీళ్లు పొయ్యొద్దు. ఆర్వో మిషను బయటికి వదిలే నీళ్లు పారబొయ్యడం ఎందుకని కొందరు ప్యానెళ్లకు వాడుతున్నారు. వద్దు. లవణాలన్నీ చేరేది ఆ నీళ్లలోనే, తెల్లటి పొర కట్టిందంటే వదలదు.

ఉప్పుగాలి, తుఫాను

బీచి వైపు మేడల తనిఖీలో తుప్పు మొదట కనిపించే చోటు, ప్యానెళ్లను మోసే ఇనుప స్ట్రక్చరుకు సైటులో డ్రిల్లు వేసిన రంధ్రం. ఫ్యాక్టరీలో పట్టిన జింకు పూత అక్కడ తెగి, అంచు నుంచి ఎర్రటి చార కిందికి జారుతుంది. కోసిన ప్రతి చోటా, తొలిచిన ప్రతి రంధ్రానికీ అదే రోజు జింకు పెయింటు వేయించండి. స్ట్రక్చరుకు హాట్ డిప్ (కరిగిన జింకులో ముంచి తీసే) పూత 80 మైక్రాన్లు అడగండి. బోల్టులు సముద్రం దగ్గర 304 రకం కన్నా 316 స్టెయిన్‌లెస్ మేలు. అల్యూమినియం ఫ్రేము నేరుగా ఇనుముకు తగలకుండా రబ్బరు వాషరు వేస్తారు, మంచిదే. అయితే ఆ వాషరుతో ఫ్రేముకు, స్ట్రక్చరుకు మధ్య ఎర్త్ తెగుతుంది. ఫ్రేము నుంచి ఫ్రేముకు విడిగా ఎర్త్ తీగ ఉండి తీరాలి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఏం చేసిందో ఈ ఊళ్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. భారత ప్రమాణాల ప్రకారం విశాఖకు డిజైను గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ గాలి ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. 550 వాట్ల ప్యానెల్ రెండున్నర చదరపు మీటర్ల పైనే ఉంటుంది, దాని సొంత బరువు 30 కిలోలకు అటూఇటూ, ఆ గాలి ముందు అది ఏ మూలకూ రాదు. ఉత్త సిమెంటు దిమ్మెలు బరువుకు పెట్టి వదిలేసిన స్ట్రక్చర్లను ఈ సంఘం ఒప్పుకోదు. శ్లాబులోకి కెమికల్ యాంకరు (రంధ్రంలో జిగురు మందుతో పాతే బోల్టు) వేసి, చుట్టూ వాటర్‌ప్రూఫింగ్ చేయించాలి. కింద బట్టలారేసుకోవచ్చని పదడుగుల ఎత్తున కట్టించుకునేవాళ్లు ఇంజనీరుతో లెక్క వేయించాకే ముందుకెళ్లండి. తుఫాను హెచ్చరిక వస్తే క్లాంపులు బిగించి, ఏసీ బ్రేకరు (ఇంటి కరెంటు వైపు స్విచ్చి), ఆపైన డీసీ ఐసొలేటరు (ప్యానెళ్ల వైపు స్విచ్చి) ఆపండి. టార్పాలిన్ కప్పొద్దు, గాలికి తెరచాపలా లేస్తుంది.

ఇన్వర్టర్ ఆగిపోవడం

లైనులో కరెంటు పోతే సోలార్ కూడా ఆగుతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం కోసం పెట్టిన ఏర్పాటది, లోపం కాదు. జనరేటరున్న అపార్ట్‌మెంట్లలో, అది నడిచేటప్పుడు సోలార్ దానితో కలవకుండా ఇంటర్‌లాక్ తప్పనిసరి.

మధ్యాహ్నం పూటే ఆగి, మళ్లీ మొదలవుతుంటే యాప్‌లో ‘ఓవర్ వోల్టేజ్’ (వోల్టేజీ హద్దు దాటడం) ఉందేమో చూడండి. మన వైపు కారణం సన్న కేబులు. 3 కిలోవాట్లంటే 13 ఆంపియర్లు. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ 20 మీటర్లు లాగితే దాదాపు 4 వోల్టులు అందులోనే పెరుగుతాయి. 6 చదరపు మిల్లీమీటర్లది వేస్తే రెండు వోల్టుల లోపే. కేబులు సరిగా ఉన్నా ఆగుతుంటే, టైముతో సహా మీటరు దగ్గరి వోల్టేజీ రాసి, కరెంటు పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్‌కు అర్జీ ఇవ్వండి. నమూనా మన దగ్గర ఉంది.

సబ్సిడీ

2024 ఫిబ్రవరిలో మొదలైన కేంద్ర పథకం పీఎం సూర్యఘర్ కింద ఇళ్లకు 2 కిలోవాట్ల దాకా కిలోవాట్‌కు 30,000 రూపాయలు, మూడోదానికి 18,000. మొత్తం 78,000 మించదు. అపార్ట్‌మెంట్ల ఉమ్మడి అవసరాలకు కిలోవాట్‌కు 18,000.

వచ్చే ఏడాది పని

బోల్టులు, తుప్పు తనిఖీ మే నెలాఖరులోగా. ఎర్త్ పిట్లు, డీసీ కనెక్టర్లు సెప్టెంబరులో. వేర్వేరు కంపెనీల మగ, ఆడ కనెక్టర్లు కలిపిన చోట వదులై, వేడెక్కి కాలతాయి. ఒకే కంపెనీ జతలు మార్చుకోండి. ప్రతి నెలా ఒకటో తారీఖున ఇన్వర్టర్ మొత్తం రీడింగు, నెట్ మీటరులోని ఇంపోర్టు (లైను నుంచి తీసుకున్నది), ఎక్స్‌పోర్టు అంకెలు మూడూ విడివిడిగా ఫొటో తీసి కార్యదర్శికి పంపండి.