మంత్రిగారూ, టెండరులో ఒక్క లైను రాయించండి

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర కార్మిక శాఖ మంత్రి గారికి నమస్కారాలు. కాంక్రీటుకు హోల్ కొట్టేటప్పుడు లేచే దుమ్ము గురించి ఈ ఉత్తరం.

మాది పాలమూరు. 2005 నుంచి డ్రిల్లింగ్ పని చేస్తున్నాను. మధ్యలో ఐదేళ్ళు దోహాలో ఉన్నాను, మిగతాదంతా హైదరాబాద్ సైట్లలోనే. ఏసీ డక్టులు, స్ప్రింక్లర్ పైపులు, కేబుల్ ట్రేలు, ఫాల్స్ సీలింగ్, ఏది వేలాడదీయాలన్నా ముందు స్లాబుకు హోల్ పడాలి. ఆ హోల్ కొట్టేది మేము. మిషన్ ఏ కంపెనీదైనా మా సైట్లలో దాని పేరు హిల్టీయే. "హిల్టీ కొట్టేటోళ్ళు వచ్చిండ్రా?" అని అడుగుతారు మమ్మల్ని.

మీరు ఏ కొత్త భవనానికి రిబ్బన్ కత్తిరించినా తల మీద తెల్లటి సీలింగ్ కనిపిస్తుంది. దాని వెనక వేల హోల్స్ ఉంటాయి. ఒక్కో హోల్ కొట్టేటప్పుడు నిచ్చెన మీదో స్టూలు మీదో నిలబడి, తల వెనక్కి వంచి, రెండు చేతులతో మిషన్ పైకి ఎత్తి పట్టుకుంటాం. దుమ్ము నేరుగా ముఖం మీదికి రాలుతుంది. కళ్ళు మూసుకుందామంటే మిషన్ కొసన ఉండే బిట్టు పక్కకు జారుతుంది. ప్లాస్టిక్ గ్లాసు అడుగున చిల్లు పెట్టి బిట్టుకు తొడగడం మేము కనిపెట్టుకున్న ఉపాయం. దాంతో రవ్వలు, గరుకు పొడి ఆగుతాయి. సన్నటి దుమ్ము ఆగదు.

ఆ దుమ్ము ఎంతో ఒకసారి లెక్క వేశాను. స్లాబులో బిగించే పది మిల్లీమీటర్ల బోల్టు, అంటే యాంకర్‌కు 12 మిల్లీమీటర్ల బిట్టుతో 40 మిల్లీమీటర్ల లోతు హోల్ కొట్టాలి. అందులోంచి వచ్చే కాంక్రీటు పొడి దాదాపు 11 గ్రాములు. రోజుకు 150 హోల్స్ కొడితే కిలోన్నర దాటుతుంది. పాత పిల్లర్‌లో కొత్త రాడ్డు దిగేసే పని ఇంకా పెద్దది. 16 ఎంఎం రాడ్డుకు 20 ఎంఎం హోల్, 200 ఎంఎం లోతు అనుకుంటే ఒక్కో హోల్‌కు 150 గ్రాములు. అలాంటివి రోజుకు 40 కొడితే 6 కిలోలు. అమెరికాలో 2016లో తెచ్చిన నిబంధన ప్రకారం ఎనిమిది గంటల పనిలో పీల్చే గాలిలో సన్నటి సిలికా (రాయిలో, ఇసుకలో ఉండేది) ఘనపు మీటరుకు సగటున 50 మైక్రోగ్రాములు దాటకూడదు. పనిచేసే మనిషి షిఫ్టులో సుమారు 10 ఘనపు మీటర్ల గాలి పీలుస్తాడు. అంటే రోజంతా కలిపి అర మిల్లీగ్రాము. మా చేతి కింద రాలే కిలోల పొడిలో ఊపిరితిత్తుల లోపలిదాకా పోయేంత సన్ననిది కొంచెమే ఉంటుంది. కానీ అర మిల్లీగ్రాము దాటడానికి ఆ కొంచెం చాలు కదా.

హైదరాబాద్ కూర్చున్నదే గ్రానైటు మీద. మన కంకర గ్రానైటు, మన రోబో శాండ్ అదే రాయిని పొడి చేసింది. గ్రానైటులో పావు వంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ క్వార్ట్జ్ ఉంటుంది. క్వార్ట్జ్ అంటే సిలికానే. కళ్ళకు కనిపించే దుమ్ము నేల మీద పడిపోతుంది, దాన్ని చీపురుతో ఊడుస్తాం (ఊడ్చేటప్పుడు మళ్ళీ లేస్తుందనుకోండి, అది వేరే గోల). కనిపించని దుమ్ము మాత్రం గదిలో గంటల తరబడి తేలుతూనే ఉంటుంది. మేము మిషన్ ఆపి, మాస్కు తీసి, టిఫిన్ డబ్బా విప్పేది ఆ గదిలోనే.

నాకు ఈ పని నేర్పింది మా బావ, మా అక్క భర్త. ఆయన కింద హెల్పర్‌గా చేరాను. 2016 ప్రాంతంలో ఆయనకు ఆయాసం మొదలైంది. మెట్లెక్కితే మధ్యలో ఆగేవాడు. ఎక్స్‌రేలో మచ్చలున్నాయని టీబీ మందులు ఆరు నెలలు ఇచ్చారు. తగ్గలేదు. తెమడ పరీక్షలో ఏమీ లేదన్నా మళ్ళీ అవే మందులు. మూడో ఆసుపత్రిలో ఒక చిన్న వయసు డాక్టరమ్మ "ఏం పని చేస్తారు?" అని అడిగింది. అప్పటిదాకా ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. సిలికోసిస్ అని రాసింది, అంటే సిలికా దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు. ఆ దుమ్మును తినేయడానికి వచ్చిన కణాలే చచ్చిపోతాయనీ, ఊపిరితిత్తి మచ్చలు కట్టి గట్టిపడుతుందనీ, పని మానేసినా జబ్బు ఆగకపోవచ్చనీ, దీనికి నయం చేసే మందు లేదనీ, పైగా నిజమైన టీబీ కూడా తేలిగ్గా అంటుకుంటుందనీ ఆవిడే ఓపికగా చెప్పింది. 2021లో బావ పోయాడు. వయసు 43. కాగితాల్లో ఆయన భవన నిర్మాణ కార్మికుడు కూడా కాదు, లేబర్ కార్డు రెన్యువల్ కాలేదు.

బావ రోజూ సాయంత్రం బెల్లం ముక్క నోట్లో వేసుకునేవాడు. బెల్లం తింటే దుమ్ము దిగిపోతుందని మా సైట్లలో అందరి నమ్మకం. కొందరికి బెల్లం, కొందరికి కల్లు. బెల్లం పోయేది కడుపులోకి, దుమ్ము పోయింది ఊపిరితిత్తుల్లోకి. ఈ రెండు దారులు వేరని మాకు చెప్పినవాళ్ళు లేరు.

మాస్కులు ఇస్తున్నాం కదా అని మీ అధికారులు అంటారేమో. మే నెలలో, గాలి ఆడని స్లాబు కింద, తల వెనక్కి వంచి, బరువైన మిషన్ ఎత్తి పట్టుకుని మాస్కు పెట్టుకోండి. పది నిమిషాలకు చెమటకు తడిసి ఊపిరి ఆడదు. కిందికి లాగేస్తాం. ఇస్తున్నది కూడా చాలాచోట్ల బట్ట మాస్కు, ఆపరేషన్ థియేటర్ మాస్కు. సన్నటి సిలికాను అవి ఆపవు. సరైన మాస్కు ఉండాలి, కాదనను. కానీ అది చివరి అడ్డు. మొదటి అడ్డు హోల్ దగ్గరే పడాలి.

ఆ అడ్డును నేను దోహాలో చూశాను. ఒక ఆసుపత్రి విస్తరణ పని. గోడకు అవతల రోగులున్నారు, అందుకని ఒక్క చిటికెడు దుమ్ము లేవకూడదని కండిషన్. (మా ఊపిరితిత్తుల కోసం పెట్టిన కండిషన్ కాదు, అయినా మేమూ బాగుపడ్డాం.) ఫోర్‌మన్ తెచ్చి ఇచ్చిన బిట్టు చూసి మొదట పాడైన బిట్టు అనుకున్నాను. మామూలు బిట్టుకు చుట్టూ మెలికల గాడి ఉంటుంది. ఆ గాడి పనే దుమ్మును తోడి బయటికి, అంటే మన ముఖం మీదికి, పంపడం. దీనికి గాడి లేదు. నున్నటి గొట్టం. కొసకు కార్బైడ్ తల, తల పక్కన చిన్న రంధ్రాలు, లోపలంతా బోలు. వెనక వైపు ఒక కాలర్ ఉంటుంది. బిట్టు తిరుగుతున్నా కాలర్ తిరగదు. దానికి వాక్యూమ్ పైపు తగిలిస్తాం. రాయి నలిగిన చోటే, ఆ క్షణమే, పొడి బిట్టు కడుపులోంచి వాక్యూమ్‌లోకి పోతుంది. దాన్ని హాలో బిట్ అంటారు. మొదటి హోల్ కొట్టి కిందికి చూశాను. నేల మీద ఏమీ లేదు. నమ్మకం కుదరక హోల్‌లో వేలు పెట్టి చూశాను. శుభ్రంగా ఉంది.

దాని లోపాలు కూడా చెప్పాలి, లేకపోతే రేపు ఏ కాంట్రాక్టరో వచ్చి మీకు అవే చెప్తాడు. తడి కాంక్రీటులో పొడి ముద్ద కట్టి బిట్టు మూసుకుపోతుంది, కడ్డీతో పొడిచి శుభ్రం చేసుకోవాలి. లోపల రాడ్డు తగిలితే తల దెబ్బతింటుంది. ఆరు, ఎనిమిది మిల్లీమీటర్ల సన్న హోల్స్‌కు ఇవి పనికొచ్చేది తక్కువ, అక్కడ మిషన్ ముందు తొడిగే దుమ్ము తొడుగు వాడుకోవాలి. ఇంట్లో వాడే వాక్యూమ్ తగిలిస్తే అది సన్న దుమ్మును వెనక నుంచి గదిలోకే ఊదేస్తుంది, కాబట్టి సరైన ఫిల్టర్ ఉన్నదే కావాలి. సంచిని బయట దులిపితే మొదటికొస్తుంది, మూతి కట్టి పారేయాలి. ఇక ధర. మామూలు బిట్టు వందల్లో వస్తుంది, ఇది వేలల్లో. వాక్యూమ్ ధరకు సెకండ్ హ్యాండ్ బైక్ కొనుక్కోవచ్చు.

క్వారీల్లో చేసినట్టు నీళ్ళు కొట్టుకుంటూ చేయొచ్చు కదా అని అడుగుతారు. రాతి గనిలో అది మంచి పద్ధతి. 1930లో అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో హాక్స్ నెస్ట్ సొరంగం తవ్వేటప్పుడు నీళ్ళు లేకుండా పొడిగా డ్రిల్ చేయించి వందల మంది కూలీలను సిలికోసిస్‌కు బలిచేశారు. కానీ వైర్లు లాగేసిన గదిలో, తల మీద కరెంటు మిషన్ పట్టుకుని నీళ్ళు కొట్టలేం.

ఇందులో ప్రభుత్వానికి సొంత లాభం కూడా ఒకటుంది. పాత పిల్లర్‌కు కొత్త రాడ్డు అతికించేటప్పుడు హోల్‌లో కెమికల్ నింపి రాడ్డు దించుతాం. హోల్ గోడకు దుమ్ము ఉంటే కెమికల్ కాంక్రీటును పట్టుకోదు, దుమ్మును పట్టుకుంటుంది. అందుకే ముందు గాలి ఊదాలి, వైరు బ్రష్‌తో రుద్దాలి, మళ్ళీ ఊదాలి. ఇదంతా కంపెనీ కాగితం మీద ఉంటుంది. సాయంత్రం అయిదున్నరకు, ఇంకా 20 హోల్స్ మిగిలినప్పుడు, ఎవరు రుద్దుతారో మీరే ఊహించుకోండి. నేనూ రుద్దని రోజులున్నాయి. ఊదితే ఆ దుమ్మంతా మళ్ళీ మా ముఖానికే కాబట్టి ఎవరికీ ఊదబుద్ధి కాదు. హాలో బిట్‌తో కొడితే, దానికి సరిపోయే కెమికల్ వాడితే, ఈ ఊదడం రుద్దడం చాలావరకు తప్పుతుంది. కూలీ ఊపిరితిత్తి, పిల్లర్ బలం రెండూ ఒకే బిట్టు మీద ఆధారపడి ఉన్న చోటు ఇది.

మరి ఇక్కడ ఎందుకు వాడటం లేదు? కాంట్రాక్టర్లంతా దుర్మార్గులని నేననను. నాకు హోల్ లెక్కన డబ్బులిస్తారు. నాకు పని ఇచ్చిన సబ్ కాంట్రాక్టర్‌కూ అంతే. ఆ రేటులో కూలి ఉంది, కరెంటు ఉంది, బిట్టు అరుగుదల ఉంది. దుమ్ము లేదు. నేను చూసిన ఏ ప్రభుత్వ పని రేట్ల కాగితంలోనూ దుమ్ము పట్టడానికి ఒక్క రూపాయి రాయలేదు. రేటులో లేని పనిని ఎవరైనా చేస్తే వాడు తర్వాతి టెండరులో ఓడిపోతాడు. దోహాలో నాకు ఆ బిట్టు ఇచ్చినవాడు ధర్మాత్ముడేమీ కాదు, టెండరులో ఆ లైను ఉంది.

ఆ లైనే అడుగుతున్నాను. ప్రభుత్వ ఆసుపత్రులు, కాలేజీలు, ఆఫీసు భవనాల లోపల కాంక్రీటుకు గానీ రాతికి గానీ హోల్ కొడితే దుమ్మును హోల్ దగ్గరే పీల్చే బిట్టుతోనో తొడుగుతోనో కొట్టాలి అని రాయించండి, దాని ఖర్చు రేటులో కలపండి. ఎస్‌ఎస్‌ఆర్ (ప్రభుత్వ పనులకు ఖరారు చేసే) రేట్లు మీ శాఖ చేతిలో లేవని తెలుసు. ఆర్ అండ్ బీ మంత్రి గారితో మాట్లాడటం మాకన్నా మీకు సులువు.

మీ చేతిలోనే ఉన్నది భవన నిర్మాణ కార్మికుల వెల్ఫేర్ బోర్డు. 1996 చట్టాలతో మొదలైన సెస్సు నిర్మాణ ఖర్చులో ఒక శాతం వసూలవుతుంది. అది మా పేరు మీద వచ్చే డబ్బు. మనిషి పోయాక సాయం ఇవ్వడానికి బోర్డు దగ్గర పద్ధతులున్నాయి. పోకముందు ఒక బిట్టు ఇవ్వడానికి పద్ధతి లేదు. రాజస్థాన్‌లో 2019 విధానం ప్రకారం సిలికోసిస్ అని తేలితే 3 లక్షలు, చనిపోతే కుటుంబానికి మరో 2 లక్షలు ఇస్తున్నారు. మంచిదే, మనమూ ఇవ్వాలి. అయితే ఆ 5 లక్షలతో ఎన్ని వాక్యూమ్‌లు, ఎన్ని బిట్లు వస్తాయో లెక్క వేయించండి. లేబర్ అడ్డాల దగ్గర, మిషన్లు అద్దెకిచ్చే షాపుల్లో ఇవి రోజు అద్దెకు దొరికేలా బోర్డు సబ్సిడీ ఇస్తే చాలు. మాలాంటి చిన్న మేస్త్రీలు కొనలేరు గానీ అద్దెకు తెచ్చుకోగలరు. బ్రేకర్లు, కోర్ కటింగ్ మిషన్లు అలాగే తెచ్చుకుంటున్నాం.

తనిఖీకి గాలి కొలిచే పరికరాలు లేవని ఆగక్కర్లేదు. అమెరికా నిబంధనలో ఒక పట్టిక ఉంది. ఏ మిషన్‌కు ఏ దుమ్ము ఏర్పాటు ఉండాలో అందులో రాశారు. డ్రిల్లుకైతే తొడుగు, 99 శాతం దుమ్ము పట్టే ఫిల్టర్. ఆ పట్టిక ప్రకారం పనిచేసే కంపెనీ విడిగా గాలి కొలవనక్కర్లేదు. ఇన్‌స్పెక్టర్ వచ్చి మిషన్‌కు పైపు ఉందా లేదా చూస్తే తెలిసిపోతుంది. మన ఇన్‌స్పెక్టర్ల సంఖ్యకు ఇదే తగిన పద్ధతి అని నా అభిప్రాయం.

ఇంకొక్క మాట. 2025 నవంబర్ 21 నుంచి కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 40 ఏళ్ళు దాటిన కార్మికులకు ఏటా ఉచిత ఆరోగ్య పరీక్ష అన్నారు. మా దగ్గర కుర్రాళ్ళు 18కే హెల్పర్‌గా చేరతారు. 40 వచ్చేసరికి వాళ్ళు 22 ఏళ్ళ దుమ్ము పీల్చి ఉంటారు. బావకు జబ్బు బయటపడ్డప్పుడు ఆయనకు ఇంకా 40 రాలేదు. హిల్టీ, కట్టర్, బ్రేకర్ పట్టేవాళ్ళకు చేరిన ఏడాది నుంచే ఛాతీ ఎక్స్‌రే, ఊదే పరీక్ష పెట్టించండి. ఆ కాగితం మీద "ఏం పని చేస్తారు?" అనే గడి ఒకటి ఉండాలి.

నా దగ్గర దోహా నుంచి తెచ్చుకున్న హాలో బిట్ ఒకటుంది, 16 ఎంఎంది. వాక్యూమ్ లేక గూట్లోనే పడి ఉంది. వచ్చే నెల మొదటి వారం నుంచి నేను ఒక ప్రభుత్వ భవనంలో పని చేస్తున్నాను, నాలుగు అంతస్తుల సీలింగ్ పని, అయిదారు వేల హోల్స్. వాక్యూమ్ మీరు పంపించండి, బిట్టు నేను తెస్తాను. తెల్ల చొక్కాతోనే రండి. మామూలు బిట్టుతో ఒక హోల్, దీనితో ఒక హోల్, మీ ముందే కొడతాను.

ఇట్లు,
హిల్టీ కొట్టే ఒక మేస్త్రీ,
హైదరాబాద్