రాజీనామా అడగకండి, ముందుగా చెప్పండి

గౌరవనీయులైన సంపాదకులకు,

కృత్రిమ మేధ వల్ల పోతున్న ఉద్యోగాల గురించి మీ పత్రికలో కొన్ని నెలలుగా వస్తున్న వార్తలను, వ్యాసాలను శ్రద్ధగా చదువుతున్నాను. ఎన్ని పోతాయి, ఎన్ని కొత్తవి వస్తాయి అన్న లెక్క మీదే చర్చంతా సాగుతున్నది. ఆ లెక్క తేల్చే శక్తి నాకు లేదు. పోయే ఉద్యోగాన్ని ఏ పద్ధతిలో తీసేస్తున్నారన్నది మాత్రం దగ్గరి నుంచి చూశాను కనుక, దాని గురించే ఈ లేఖ.

మా ఎదురింటి అమ్మాయి నల్లగొండలోనే బీఫార్మసీ చదివి, హైదరాబాద్‌లో కోచింగ్ తీసుకొని, ఆరేళ్లపాటు ఒక కంపెనీలో మెడికల్ కోడింగ్ చేసింది. అమెరికా ఆసుపత్రుల్లో డాక్టర్లు రాసిన రికార్డును చదివి, రోగానికీ చికిత్సకూ సరైన కోడ్ వేసే పని అది. ఆ కోడ్ తప్పితే అక్కడి బీమా కంపెనీ బిల్లు చెల్లించదు. కరోనా నాటి నుంచి ఇంటి వద్దనే ఉండి చేస్తున్నది. నిరుడు వాళ్ల టీముకు ఒక కొత్త సాఫ్ట్‌వేర్ ఇచ్చారు. అది వేసిన కోడ్‌ను వీళ్లు సరిచూడాలి, తప్పయితే ఎందుకు తప్పో రాయాలి. ఎనిమిది నెలలు అదే పని. దాని తప్పులు తగ్గినకొద్దీ టీములో మనుషులు కూడా తగ్గుతూ వచ్చారు. చివరికి ఒక సాయంత్రం పావుగంట వీడియో కాల్‌లో, రాజీనామా పంపితే ఒక నెల జీతం, రిలీవింగ్ లెటర్ ఇస్తామని, పంపకపోతే పనితీరు బాగాలేదని రాయవలసి వస్తుందని ఆమెకు చెప్పారు. రాజీనామాలో ఏమి రాయాలో నమూనా కూడా వాళ్లే పంపారు. అందులో "వ్యక్తిగత కారణాల వల్ల" అని ఉన్నది. ఆ మెయిల్ వెళ్లిన కాసేపటికి ల్యాప్‌టాప్ తెరుచుకోలేదు. తర్వాత మూడు వారాలు ఆమె షిఫ్టు వేళకు గది తలుపు వేసుకొని కూర్చున్నది, తండ్రికి తెలియకూడదని. "నా పనిని నేనే దానికి నేర్పిన పెద్దనాన్నా" అని నాతో అన్నప్పుడు ఆ పిల్ల గొంతులో కోపం కంటే సిగ్గే ఎక్కువ వినిపించింది. సిగ్గుపడవలసింది ఆమె కాదు.

రాజీనామా తీసుకోవడానికీ, ఉద్యోగం నుంచి తొలగించడానికీ ఉన్న తేడా మాటలోది కాదు, డబ్బులోది. పనిలేక మనిషిని తీసేస్తే నెల రోజుల ముందు నోటీసు గానీ దానికి బదులు జీతం గానీ ఇవ్వాలని, పూర్తి చేసిన ప్రతి సంవత్సరానికి 15 రోజుల జీతం పరిహారంగా చెల్లించాలని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం చెప్పింది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ అనే కొత్త చట్టం దానినే కొనసాగిస్తూ, తొలగించిన ప్రతి ఒక్కరి పేరిట యజమాని మరో 15 రోజుల జీతం, కొత్త పని నేర్చుకోవడానికి ఉద్దేశించిన పునర్నైపుణ్య నిధికి కట్టాలని, అది 45 రోజుల్లో కార్మికుని ఖాతాకు చేరాలని అంటున్నది. ఆ అమ్మాయి జీతం 28 వేలు. ఆరేళ్లకు మూడు నెలల జీతం, నోటీసుకు ఒక నెల, నిధి నుంచి అర నెల కలిపితే సుమారు లక్షా 26 వేలు రావాలి. స్వయంగా మానేసినట్టు రాసిచ్చినందుకు ఆమె చేతికి 28 వేలు వచ్చింది. సాఫ్ట్‌వేర్, ఐటీ సేవల ఉద్యోగులు చట్టం దృష్టిలో కార్మికులా కాదా అన్న వాదన ఏళ్లుగా నడుస్తూనే ఉన్నది, నిజమే. అయితే రాజీనామా కాగితం చేతిలో పడ్డాక ఆ వాదన వినిపించే అవకాశం కూడా మిగలదు.

ఈఎస్ఐ వర్తించే వారికైతే అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కింద ఉద్యోగం పోయిన తర్వాత 90 రోజుల వరకు వేతనంలో కొంత ఇచ్చే ఏర్పాటు 2018లో వచ్చింది, 2020లో దాన్ని సగం వేతనానికి పెంచారు. నెల జీతం 21 వేలు దాటిన వారు ఈఎస్ఐ పరిధిలోకే రారు. ఇంటి అద్దె, తమ్ముడి ఇంజనీరింగ్ ఫీజు, స్కూటీ వాయిదా కట్టే ఇటువంటి పిల్లలు పేదలూ కారు, కలిగినవారూ కారు. ఏ పథకమూ వీళ్లను ఉద్దేశించి రాసింది కాదు.

ఇది పాత తరం మనిషి యంత్రాలపై పెంచుకున్న కసి అని పాఠకులు అనుకోకూడదు. నేను 1981లో బ్యాంకులో గుమస్తాగా చేరాను. జూన్ 30, డిసెంబర్ 31 రాత్రులు లెడ్జర్లు ముందేసుకొని, ఒక్క రూపాయి తేడా ఎక్కడ వచ్చిందో దొరకక తెల్లవారే దాకా కూర్చున్నవాళ్లలో నేనూ ఒకణ్ని. కంప్యూటర్లు వస్తున్నాయంటే నినాదాలు చేసినవాళ్లలో కూడా ఉన్నాను. బ్యాంకుల్లో యంత్రాల వాడకంపై రంగరాజన్ కమిటీ 1984లో నివేదిక ఇచ్చింది. దానికి ముందే 1983లో బ్యాంకుల సంఘానికీ ఉద్యోగ సంఘాలకూ యాంత్రీకరణపై ఒప్పందం కుదిరింది, 1993లో మరొకటి. అంటే మా బల్ల మీదికి యంత్రం రాకముందే దాని గురించి మాతో మాట్లాడారు. మాకు శిక్షణ ఇచ్చారు, యంత్రం మీద కూర్చున్నవారికి ప్రత్యేక భత్యం ఇచ్చారు. మా శాఖలో దాని వల్ల ఒక్క ఉద్యోగమూ పోలేదు. 2000-01లో ప్రభుత్వ రంగ బ్యాంకులు స్వచ్ఛంద విరమణ పథకం పెట్టినప్పుడు సైతం సర్వీసులో ప్రతి ఏడాదికి 60 రోజుల జీతం, లేదా మిగిలిన సర్వీసు జీతం, రెండింటిలో ఏది తక్కువైతే అది ఇచ్చారు. సుమారు లక్ష మంది అలా వెళ్లారు. కొందరు ఏడుస్తూనే వెళ్లారు గానీ, ఎవరూ పావుగంటలో వెళ్లలేదు.

ఈ కథలో మేము దాచుకునే సంగతి కూడా ఒకటుంది. మా కుర్చీలు భద్రంగానే ఉన్నాయి గానీ, ఆ తర్వాత చాలా ఏళ్లు గుమస్తాల నియామకాలు దాదాపు ఆగిపోయాయి. యంత్రం ధర మేము కట్టలేదు, మా తర్వాతివాళ్లు కట్టారు. కనుక ఉన్నవాళ్లను కదపకపోవడం ఒక్కటే మానవీయత అని నేను అనను. బీఫార్మసీ పూర్తి చేసి రేపు ఈ పనికి రావాలనుకునే పిల్లలకు, ఇక్కడ కొత్తవారిని ఇక తీసుకోరని ఇవాళే చెప్పడం కూడా అందులో భాగమే. కోచింగ్ సెంటర్లు ఆ మాట చెప్పవు.

మన ప్రాంతంలోనే దీనికి మరో ముఖం ఉన్నది. ఉమ్మడి నల్లగొండ జిల్లా ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, ఆసు పోసి పోసి తల్లి భుజాలు పడిపోతుంటే చూడలేక, 1999లో లక్ష్మీ ఆసు యంత్రం తయారు చేశారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. చీరకు వేల సార్లు చెయ్యి చాపి దారం తిప్పే పని యంత్రం తీసుకున్నది. కానీ యంత్రం నేతగాని ఇంట్లోనే ఉన్నది, కలిసొచ్చిన గంటలు కూడా ఆ ఇంటికే మిగిలాయి. మెడికల్ కోడింగ్‌లో కలిసొచ్చిన గంటలు ఎవరికి మిగిలాయో చెప్పనక్కరలేదు. ఎనిమిది నెలలు యంత్రం తప్పులు దిద్దినవారికి ఆ ఆదాలో కొంత భాగం, అది ఏడాది జీతమైనా సరే, ఇవ్వమని అడగడం దానం అడగడం కాదు, కూలి అడగడం.

అన్నిటికంటే ముందు కావలసింది ముందస్తు మాట. తొలగింపునకు దారితీసే యాంత్రీకరణ మార్పు చేసే ముందు 21 రోజుల నోటీసు ఇవ్వాలని పాత చట్టంలోనూ, కొత్త కోడ్‌లోనూ ఉన్నది. ఆ 21 రోజులు సాఫ్ట్‌వేర్‌ను పరీక్షకు పెట్టిన రోజు నుంచి లెక్కించాలి గానీ, మనుషులను తీసేసే వారం నుంచి కాదు. ఈ కంపెనీలకు పని ఇచ్చే అమెరికాలోనే, వంద మంది గానీ అంతకు మించి గానీ పనిచేసే సంస్థలు మూకుమ్మడి తొలగింపులకు 60 రోజుల ముందు తెలియజేయాలని 1988 నాటి చట్టం ఉన్నది. జర్మనీలో పని తగ్గితే కొందరిని తీసేసే బదులు అందరి గంటలూ తగ్గించి, కోల్పోయిన నికర వేతనంలో 60 శాతం, పిల్లలున్నవారికి 67 శాతం ప్రభుత్వ ఉపాధి సంస్థ భరించే పద్ధతి ఉన్నది. అంత డబ్బు మనకు లేకపోవచ్చు. ముందుగా చెప్పడానికి డబ్బు అక్కరలేదు.

2023లో మహబూబ్‌నగర్ శివారు దివిటిపల్లిలోనూ, నల్లగొండలోనూ ఐటీ టవర్లు ప్రారంభమయ్యాయి. వలస అంటే గుంపు మేస్త్రీ వెంట మూటాముల్లె సర్దుకొని పోవడమే అనుకున్న జిల్లాలకు అవి చిన్న విషయం కాదు. అక్కడికి వచ్చే కంపెనీలకు స్థలం, రాయితీలు ఇచ్చేటప్పుడే, యంత్రం కారణంగా ఎవరినైనా తీసేస్తే రాజీనామా రాయించుకోబోమన్న షరతును ఒప్పందంలో చేర్చమని ప్రభుత్వాన్ని కోరుతున్నాను. అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైన 65 ఐటీఐలలో, పదో తరగతి పాసైన పిల్లలతో పాటు ముప్పై ఏళ్లు దాటి ఉద్యోగం పోయినవారికి సాయంకాలపు బ్యాచ్‌లు పెట్టాలి. పునర్నైపుణ్య నిధి నుంచి వచ్చే 14 వేలతో హైదరాబాద్‌లో హాస్టల్ ఖర్చే వెళ్లదు. కోర్సు ఊళ్లో ఉంటేనే ఆ డబ్బుకు అర్థముంటుంది.

మీ పత్రికకు కూడా ఒక మనవి. ఫలానా కంపెనీ ఇంతమందిని తగ్గించిందని వార్త వేసేటప్పుడు, వారిలో ఎందరిని తొలగించారు, ఎందరి చేత రాజీనామా రాయించారు అన్న రెండు అంకెలూ ఆ కంపెనీని అడిగి వేయగలరు. జవాబు ఇవ్వకపోతే, ఇవ్వలేదని వేయగలరు.

ఇట్లు,
విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
రామగిరి, నల్లగొండ