గేర్‌బాక్స్ దించే ముందు ఒకసారి చదువుకో

నెల్లూరు

ప్రియమైన మిత్రమా,

ఒంగోలు నుంచి నువ్వు రాసిన ఉత్తరం అందింది. నీ పాత ఆటోమేటిక్ హోండా సివిక్ కారు, గేరు లివరు డీలో (ముందుకు నడిపే స్థానంలో) వేశాక రెండు క్షణాలు నిలబడిపోయి ఆపైన ఒక్క కుదుపుతో కదులుతున్నదనీ, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఇంజిన్ ఎంత అరిచినా వేగం అందుకోవడం లేదనీ, గేర్‌బాక్స్ మార్చక తప్పదని మీ ఊరి మెకానిక్ తేల్చేశాడనీ రాశావు. అదే మోడలు బండికి మా ఇంటి వెనక రేకుల షెడ్డులోనే గేర్‌బాక్స్ మార్చుకున్నాను కనుక ఆ పని సంగతులన్నీ వివరంగా రాయమన్నావు. తప్పకుండా రాస్తాను. కాకపోతే దించడం, ఎక్కించడం ఈ పనిలో కండబలానికి సంబంధించిన భాగం మాత్రమే. ఎక్కించిన గేర్‌బాక్స్ పదికాలాల పాటు నడుస్తుందా, నాలుగు నెలల్లో మళ్లీ మొరాయిస్తుందా అన్నది శుభ్రత, కన్వర్టర్ (ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) కూర్చున్న తీరు, ఆయిల్ మట్టం అనే మూడింటి మీదే ఆధారపడి ఉంటుంది. అందుకే వాటి గురించే ఎక్కువ రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు అసలు దించవలసిన అవసరం ఉందో లేదో నువ్వే చూసుకో. డిప్‌స్టిక్ (గేర్‌బాక్స్ ఆయిల్ మట్టం చూసే కడ్డీ) తీసి తెల్లటి గుడ్డ మీద ఒక చుక్క వెయ్యి. మంచి ఏటీఎఫ్, అంటే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్, ఎర్రగా పాకిపోతుంది. నల్లటి మడ్డి మధ్యలో నిలిచిపోయి మాడు వాసన కొడితే లోపల క్లచ్ ప్లేట్లు కాలుతున్నాయని అర్థం. తరువాత డ్రెయిన్ బోల్టు విప్పు. దాని తలలో చదరపు గుంట ఉంటుంది కాబట్టి 3/8 అంగుళాల రాచెట్ కొస నేరుగా అందులోకే దిగుతుంది, వేరే సాకెట్ అక్కర్లేదు. ఆ బోల్టు కొసన అయస్కాంతం ఉంటుంది. దానికి కాటుకలాగా మెత్తటి ముద్ద అంటుకుని ఉంటే అది ఏళ్ల తరబడి జరిగే మామూలు అరుగుదలే, భయపడకు. వేళ్ల మధ్య రుద్దినప్పుడు గుచ్చుకునే తునకలు కనిపిస్తే మాత్రం బేరింగో గేరో చెడినట్లే. నా బండిలో కనిపించినవి ఆ తునకలే. వాటిని చూశాక నాకు ఇంక సందేహం మిగలలేదు.

నీకు మెత్తటి ముద్ద మాత్రమే కనిపిస్తే పాత గేర్‌బాక్స్ కోసం వెంటనే చెన్నై పుదుపేటకు పరుగెత్తకు. డ్యాష్‌బోర్డు మీద డీ దీపం మిణుకుమంటున్నదేమో చూసి, స్కానర్ పెట్టించి కోడ్ చదివించు. క్లచ్ ప్రెషర్‌ను నియంత్రించే సోలినాయిడ్లు (కరెంటుతో పనిచేసే వాల్వులు), ప్రెషర్ స్విచ్‌లు కేసుకు బయటివైపే ఉంటాయి కాబట్టి గేర్‌బాక్స్ దించకుండానే వాటిని మార్చుకోవచ్చు. ఆయిల్ కూడా మార్చి చూడు. ఒకసారి డ్రెయిన్ చేస్తే రెండున్నర లీటర్ల లోపే బయటికి వస్తుంది, అంతకంటే ఎక్కువ భాగం కన్వర్టర్‌లోనూ క్లచ్‌లలోనూ ఉండిపోతుంది. అందువల్ల మధ్య మధ్య బండిని కాస్త నడుపుతూ మూడుసార్లు మార్చితే తప్ప పాత ఆయిల్ చాలావరకు పోదు. జారుతున్న గేర్‌బాక్స్‌లో కొత్త ఆయిల్ పోస్తే పూర్తిగా చచ్చిపోతుందని కొందరు హెచ్చరిస్తారు. ఎలాగూ దించబోతున్న గేర్‌బాక్స్‌కు ఆ భయం దేనికన్నది నా అభిప్రాయం. ఆయిల్ మాత్రం హోండా చెప్పినదే వాడు. పాత జెడ్-1 స్థానంలో ఇప్పుడు డీడబ్ల్యూ-1 వస్తున్నది. చవకగా దొరికిందని ఏదో ఒక ఏటీఎఫ్ పోయవద్దు, క్లచ్‌లు ఎంత మెత్తగా పట్టుకోవాలన్నది ఆ ఆయిల్ గుణం మీదే ఆధారపడి ఉంటుంది.

ఇంకొక పరీక్ష కూడా ఉంది. చాలా ఆటోమేటిక్ బండ్లలో ప్లానెటరీ గేర్లు (మధ్య గేరు చుట్టూ చిన్న గేర్లు తిరిగే అమరిక) ఉంటాయి కానీ, ఈ సివిక్‌లోని అయిదు గేర్ల పెట్టె అలాంటిది కాదు. మాన్యువల్ గేర్‌బాక్స్‌లో మాదిరిగా పక్కపక్కన షాఫ్టులు, వాటి మీద ఎప్పుడూ కలిసి తిరిగే గేర్లు ఉంటాయి. ఏ గేరును పనిలోకి దించాలో దాని క్లచ్ ప్యాక్‌ను (క్లచ్ ప్లేట్ల కట్టను) ఆయిల్ ప్రెషర్ బిగించి పట్టుకుంటుంది. కనుక ఒక్క గేరులో మాత్రమే జారుతుంటే ఆ ఒక్క ప్యాక్‌ను, దానికి ప్రెషర్ అందించే దారిని అనుమానించవచ్చు. అన్నిటిలోనూ జారుతుంటే పంపు, ఆయిల్ మట్టం, ఫిల్టర్ల వైపు చూడాలి. ఏ గేరులో, ఎంత వేగం దగ్గర, ఇంజిన్ వేడెక్కాకనా చల్లగా ఉన్నప్పుడా అన్నది కాగితం మీద రాసుకుంటూ నడుపు.

మార్చక తప్పదని తేలితే మాన్యువల్‌కు మార్చేయమని సలహా ఇచ్చేవారు నీకు కూడా తప్పకుండా ఎదురవుతారు. నేను ఒప్పుకోలేదు. నాన్నగారికి ఎడమ మోకాలికి ఆపరేషన్ అయ్యాక క్లచ్ తొక్కే పని లేని బండి అనే ఈ సివిక్‌ను తీసుకున్నాం. పైగా ఆ మార్పుకు పెడళ్లు, ఫ్లైవీల్, డ్రైవ్ షాఫ్టులు, వైరింగు, కంప్యూటరు అన్నీ మార్చాలి. బాగు చేయడం ఒక పని, బండిని వేరే బండిగా తయారు చేయడం మరొక పని.

మన అదృష్టం కొద్దీ నెల్లూరుకు చెన్నై సుమారు 175 కిలోమీటర్లే కాబట్టి, పాత సామాన్లకు మనవాళ్లందరూ వెళ్లేది ఎగ్మోరు దగ్గరి పుదుపేటకే. అక్కడ తొందరపడవద్దు. నీ గేర్‌బాక్స్ కేసు మీద కొట్టి ఉన్న కోడ్ అక్షరాలను ముందుగా ఫొటో తీసుకుని వెళ్లు. అక్షరాలు కలవకపోతే ఎంత బాగున్నా కొనవద్దు, ఫైనల్ గేరు లెక్క వేరైనా కనెక్టర్లు వేరైనా బండిలో ఉన్న కంప్యూటరు దాన్ని ఒప్పుకోదు. డిప్‌స్టిక్ ఉన్నదీ లేనిదీ, కూలర్ గొట్టాల రంధ్రాలకు మూతలు పెట్టి ఉంచారా వానకు వదిలేశారా, స్ప్లైన్ల (షాఫ్టు మీది గాడి పళ్ల) మీద తుప్పు ఉన్నదా అన్నవి చూసుకో. షాఫ్టును చేత్తో పట్టుకుని అటూ ఇటూ ఊపి చూడు. కన్వర్టర్‌ను కూడా ఆ గేర్‌బాక్స్‌తో వచ్చినదే తీసుకో. పాత కన్వర్టర్‌లో చేరిన లోహపు పొడి కడిగితే పోయేది కాదు, దాన్ని తెచ్చి కొత్త గేర్‌బాక్స్‌కు తగిలిస్తే ఆ పొడినంతా కొత్తదానికి పట్టించినట్లే అవుతుంది.

రోళ్లు పగిలే రోహిణి కార్తెలో ఈ పని పెట్టుకోకు. వేడి ఇనుముతో పనిచేసే చేతికి ఓపిక ఉండదు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మనకు తుపానుల భయం. సంక్రాంతి వెళ్లిన తరువాతి రోజులే మేలు. కింద మట్టి నేల పనికిరాదు, గట్టి సిమెంటు గచ్చు ఉండాలి. ఈ గేర్‌బాక్స్ బరువు దాదాపు ఎనభై కిలోలు ఉంటుంది. కారు ముందు భాగాన్ని ఎత్తి స్టాండుల మీద నిలబెట్టి, వెనక చక్రాలకు అటూ ఇటూ దిమ్మలు వేసి, బండిని బలంగా ఊపి చూసిన తరువాతే కిందికి దూరు. జాకీని నమ్మి ఒక్క క్షణం కూడా దూరవద్దు. ఇంజిన్‌ను పైనుంచి వేలాడదీయడానికి సరుగుడు కర్ర చాలని మా పక్కింటివారు అన్నారు. కర్ర ఎప్పుడు చీలుతుందో చెప్పలేం కనుక మందపాటి ఇనుప పైపునే వాడాను, నువ్వూ అదే వాడు.

విప్పే వరుసను వర్క్‌షాప్ మాన్యువల్ చూసి చెయ్యి. బ్యాటరీ, ఎయిర్ క్లీనరు, షిఫ్ట్ కేబులు, స్టార్టరు, డ్రైవ్ షాఫ్టులు, సబ్‌ఫ్రేమ్ (ఇంజిన్ కింది ఇనుప చట్రం) ఆ క్రమంలో వస్తాయి. సబ్‌ఫ్రేమ్ దించే ముందు బాడీకి, దానికి కలిపి గుర్తులు గీసుకో. స్టీరింగ్ జాయింటు విప్పాక స్టీరింగ్ చక్రం తిరగకుండా కట్టెయ్యి, తిరిగితే ఎయిర్‌బ్యాగ్ తీగచుట్ట తెగుతుంది. నా బండి అంతకుముందు ముత్తుకూరు వైపు రొయ్యల చెరువుల మీద తిరిగిన బండి కావడంతో ఉప్పు గాలికి కింది బోల్టులన్నీ తుప్పుతో బిగుసుకుపోయి ఉన్నాయి. ముందురోజు రాత్రే తుప్పు వదిలే నూనె కొట్టి నానబెట్టాను, బలం ఉపయోగించలేదు. బోల్టుల పొడవులు వేరు వేరు కాబట్టి అట్టముక్క మీద గేర్‌బాక్స్ ఆకారం గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే గుచ్చి పెట్టుకున్నాను.

ఇక అసలు సంగతికి వస్తాను. టార్క్ కన్వర్టర్ మొదట కార్ల కోసం పుట్టింది కాదు. జర్మనీకి చెందిన హెర్మన్ ఫోటింగర్ 1905లో దీనికి పేటెంటు పొందింది ఓడల కోసం. ఇంజిన్‌తో తిరిగే రెక్కలు ఆయిల్‌ను విసురుతాయి, ఆ విసురుకు గేర్‌బాక్స్ వైపు రెక్కలు తిరుగుతాయి, మధ్యలోని స్టేటర్ తిరిగి వచ్చే ఆయిల్‌ను సరైన దిశకు మళ్లిస్తుంది. ఇంతటి సాధనం గేర్‌బాక్స్‌లో కూర్చోవలసింది ఒకే ఇరుసు చుట్టూ మూడు చోట్ల. మెయిన్‌షాఫ్ట్ స్ప్లైన్ మీద, స్టేటర్ షాఫ్ట్ మీద, అన్నిటికంటే లోపల ఆయిల్ పంపులో. మొదటి రెండూ కూర్చోగానే అంతా అయిపోయిందనిపిస్తుంది. అక్కడే ఆగకూడదు. గేర్‌బాక్స్‌ను నోరు పైకి ఉండేలా నిలబెట్టి, కన్వర్టర్‌ను రెండు అరచేతులతో పట్టుకుని కొద్దిగా లోపలికి నొక్కుతూ మెల్లగా తిప్పుతూ ఉండు. ఒక్కొక్క మెట్టు దిగినప్పుడల్లా అరచేతికి చిన్న అదురు తెలుస్తుంది. చివరి మెట్టు దిగినప్పుడు కన్వర్టర్ కేసు అంచుకన్నా బాగా లోపలికి పోతుంది. అంచు మీద ఇనుప స్కేలు అడ్డంగా పెట్టి, అక్కడినుంచి బోల్టు రంధ్రాల దాకా లోతు కొలిచి రాసుకో. గేర్‌బాక్స్‌ను ఎత్తి ఇంజిన్‌కు ఆనించే ముందు అదే లోతును మళ్లీ కొలువు, ఎత్తేటప్పుడు కన్వర్టర్ ముందుకు జారే అవకాశం ఉంది.

నాకు తోడుగా వచ్చిన ఆటోనగర్ పెద్దాయన ఈ ఒక్క పనికీ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "అబ్బయ్యా, ఇది నీ చేత్తో కూర్చోవాల, బోల్టు బలంతో కూర్చోబెడితే పంపు పగులుద్ది" అని చెప్పాడు. ఆయన మాట అక్షరాలా నిజం. ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య సందు మిగిలి ఉండగా బోల్టులు బిగించి లాగడమంటే పంపును నువ్వే విరగ్గొట్టుకోవడం. చేత్తో నెట్టగానే రెండు ముఖాలూ అతుక్కోవాలి. అతుక్కున్నాక కూడా కన్వర్టర్ స్వేచ్ఛగా తిరగాలి, దానికీ డ్రైవ్ ప్లేటుకూ (ఇంజిన్‌తో తిరిగే పళ్లేనికీ) మధ్య కొంచెం ఖాళీ ఉండాలి. అప్పుడు దాన్ని ముందుకు లాగి ఎనిమిది బోల్టులు వేస్తాం. అవి సన్నటి బోల్టులు, 12 న్యూటన్ మీటర్లు మాత్రమే పట్టాలి. క్రాంక్ పుల్లీని తిప్పుతూ ఎదురెదురుగా ఉన్నవాటిని ముందు సగం, తరువాత పూర్తిగా బిగించు. ఈ పనికి టార్క్ రెంచి (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే రెంచి) లేకుండా దిగవద్దు. డ్రెయిన్ బోల్టుకు 49 న్యూటన్ మీటర్లు, వాషరు మాత్రం కొత్తది వెయ్యాలి.

శుభ్రత గురించి రెండు మాటలు. పాత గేర్‌బాక్స్ చెడినప్పుడు రాలిన పొడి ఆయిల్‌తో పాటు కూలర్‌లోకి, దాని గొట్టాల్లోకి పోయి కూర్చుంటుంది. కూలర్‌ను శుభ్రమైన ఆయిల్‌తో రెండు వైపుల నుంచీ కడిగించు. తునకలు బాగా పడిన బండి అయితే మార్చడమే మేలు. రేడియేటర్‌లోనే కూలర్ ఉండే బండ్లలో అది లోపల చిల్లిపడితే నీళ్లు ఏటీఎఫ్‌లో కలుస్తాయి, ఆయిల్ గులాబిరంగు మజ్జిగలా తయారవుతుంది, దాన్ని చూడకుండా కొత్త గేర్‌బాక్స్ వేస్తే అదీ పోతుంది. తెరిచి ఉన్న రంధ్రాల దగ్గర వర్క్‌షాపుల్లో వాడే బనియన్ వేస్టు వాడవద్దు. దాని నూలుపోగులు సన్నటి వాల్వులలో ఇరుక్కుంటాయి. పీచు వదలని గుడ్డే వాడు. కొత్త ఆయిల్ సీళ్లకు డ్రైవ్ షాఫ్టు ఎక్కించే ముందు కాస్త ఏటీఎఫ్ రాయి.

ఆయిల్ పోశాక ఇంజిన్ ఆన్ చేసి, బ్రేకు తొక్కి పట్టి, లివరును పీ నుంచి చివరిదాకా ఒక్కొక్క చోట కాసేపు ఆపుతూ తీసుకెళ్లి వెనక్కి తీసుకురా. ఆయిల్ అన్ని దారుల్లోకీ చేరుతుంది కాబట్టి మట్టం తగ్గుతుంది, మళ్లీ పోయాలి. తుది కొలత తీసే పద్ధతి హోండాకు వేరు. చాలా బండ్లలో ఇంజిన్ నడుస్తుండగా డిప్‌స్టిక్ చూస్తారు. దీనిలో రేడియేటర్ ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగేదాకా వేడెక్కించి, ఇంజిన్ ఆపి, 60 సెకన్ల నుంచి 90 సెకన్ల మధ్య చూడాలి. ఆలస్యమైతే ఆయిల్ వెనక్కి జారి మట్టం తప్పుగా కనిపిస్తుంది. బండి వాలుగా ఉన్నా అంతే. అందుకే మేస్త్రీ దగ్గరినుంచి రసమట్టం తెచ్చి, డోరు కింది పట్టీ మీద పెట్టి చూసుకున్నాను. మట్టం తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది, ఎక్కువైతే గేర్లు ఆయిల్‌ను చిలికి నురుగు చేస్తాయి. రెండింటి వల్లా క్లచ్‌లు జారతాయి.

తొలి ప్రయాణానికి నేను మైపాడు రోడ్డు మీదికి వెళ్లాను. మొదట నెమ్మదిగా, ప్రతి గేరూ పడేదాకా నడిపాను. ఆపైన గంటకు 70 కిలోమీటర్ల వేగంలో యాక్సిలరేటర్‌ను అలాగే ఉంచి, ఎడమ కాలితో బ్రేకును తాకీ తాకనట్టు తాకితే లాకప్ (కన్వర్టర్ లోపలి క్లచ్ పట్టు) వదిలి, ఇంజిన్ వేగం కొంచెం పైకి లేచింది. కాలు తీయగానే మళ్లీ పట్టుకుంది. కన్వర్టర్ లోపలి క్లచ్ కూడా పనిచేస్తున్నదని దానితో తేలింది. నాన్నగారు ఇప్పుడు రోజూ సాయంత్రం తానే నడుపుకుంటూ వేదాయపాళెం దాకా వెళ్లివస్తున్నారు. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక ఆయిల్ ఒకసారి మార్చి అయస్కాంతాన్ని చూశాను, మెత్తటి పూత మాత్రమే ఉంది. సబ్‌ఫ్రేమ్ దించినందుకు వీల్ అలైన్‌మెంట్ కూడా చేయించాలి, మరిచిపోకు. దించిన ఆయిల్‌ను కాలువలో పోయకుండా డబ్బాల్లో నింపి పాత ఆయిల్ కొనేవారికి ఇచ్చెయ్యి.

నీ గేర్‌బాక్స్ కోడ్, డ్రెయిన్ బోల్టు ఫొటో రెండూ వాట్సాప్‌లో పంపు. తునకలే ఉంటే మనం ఇద్దరం కలిసి చెన్నై వెళ్దాం. టార్క్ రెంచి, ఇనుప పైపు, చైన్ పుల్లీ నా దగ్గరే ఉన్నాయి, ఒంగోలుకు నేనే తెస్తాను. ఆటోనగర్ పెద్దాయన కూడా ఒక ఆదివారం వస్తానన్నాడు. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు, పిల్లలకు ఆశీస్సులు.

నీ మిత్రుడు