అడవి జంతువుల పుస్తకంలో అవి బతికే నేల కూడా కనిపించాలి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

ఏటా అక్టోబరు 2 నుంచి 8 వరకు జరిగే వన్యప్రాణి వారోత్సవాల సందర్భంగా పాఠశాలల్లో వ్యాసరచన, చిత్రలేఖన పోటీలు పెడుతుంటారు. పోటీకి పేరిచ్చిన పిల్లలు ముందుగా అడిగేది ‘ఏ పుస్తకం చదవమంటారు, టీచర్?’ అనే. నల్లమల అంచున ఉన్న ఒక మండలంలో జీవశాస్త్రం బోధిస్తున్న నాకు, తెలుగులో ఫలానా పుస్తకం చదవండి అని ధీమాగా చెప్పే అవకాశం ఇంతవరకు రాలేదు. మన ప్రాంతపు అడవి క్షీరదాలను, అవి బతికే నేలతో కలిపి వివరించే తెలుగు పుస్తకం పిల్లలకు, ఉపాధ్యాయులకు అందుబాటులోకి రావాలని మీ పత్రిక ద్వారా సంబంధిత సంస్థలను కోరడానికే ఈ లేఖ రాస్తున్నాను.

జంతువుల బొమ్మల పుస్తకాలకు దుకాణాల్లో కొదవ లేదు. అయితే నేను చూసిన వాటిలో చాలావరకు జిరాఫీ, కంగారూ, సింహం, పెద్దపులి ఒకే పచ్చిక మీద పక్కపక్కన నిలబడి ఉంటాయి. ఆఫ్రికాలో పెద్దపులి లేదనీ, మన దేశంలో సింహం గుజరాత్‌లోని గిర్ పరిసరాల్లో తప్ప స్వేచ్ఛగా తిరగదనీ ఆ బొమ్మ చూసిన పిల్లవాడికి ఎలా తెలుస్తుంది? ఎలుగుబంటి ఉండవలసిన పేజీలో వాగులో నిలబడి చేపను నోట కరచుకున్న గోధుమరంగు ఎలుగు ఉంటుంది. మన అడవుల ఎలుగు అది కాదు. మన ఎలుగుకు ఒళ్లంతా నల్లని జూలు, రొమ్ము మీద తెల్లని వంపు గీత, పుట్టలు తవ్వడానికి పనికొచ్చే పొడవైన గోళ్లు ఉంటాయి. పై దవడలో ముందుపళ్లు రెండు ఉండవు. ఆ సందులోంచి, పెదవులను గొట్టంలా సాచి, పుట్టలోని చెదపురుగులను పెద్ద శబ్దంతో పీల్చుకుంటుంది. తల్లి ఎలుగు పిల్లలను వీపు మీద మోసుకుని తిరుగుతుంది. తునికాకు కోతకు అమ్మానాన్నల వెంట అడవిలోకి వెళ్లే మా విద్యార్థులకు ఎదురుపడేది ఈ ఎలుగే కాబట్టి, వాళ్లు తెలుసుకోవలసింది కూడా దీని గురించే.

ఇంతకంటే పెద్ద లోపం మరొకటి ఉంది. ఏ అడవి జంతువునైనా దట్టమైన చెట్ల మధ్యనే గీయడం మన పుస్తకాలకు అలవాటైపోయింది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువైన కృష్ణజింక చెట్ల గుబుర్లలో బతికే జంతువు కాదు. దూరం నుంచే శత్రువును కనిపెట్టే చూపు, గంటకు 80 కిలోమీటర్ల దాకా అందుకోగల పరుగు, ఈ రెండే దానికి రక్ష. రెండింటికీ కావలసింది విశాలమైన గడ్డిమైదానం. గడ్డినేలల్లో బతికే బట్టమేక పిట్ట అనే పెద్ద పక్షి కోసం 1988లో ఏర్పాటైన రోళ్లపాడు అభయారణ్యం అటువంటి మైదానమే. ఆ గడ్డిలోనే కృష్ణజింకలు మేస్తాయి, వాటిని తోడేళ్లు వేటాడతాయి, గుంటనక్కలు బొరియలు చేసుకుంటాయి. రెవెన్యూ కాగితాల్లో ఇలాంటి నేలకు సాధారణంగా దక్కే పేరు బంజరు. బంజరు కదా అని మొక్కలు నాటినా, పరిశ్రమలకు ఇచ్చినా అడ్డుచెప్పేవారు ఉండరు. అడవి అంటే చెట్లు మాత్రమేనని చిన్నప్పటి నుంచి బొమ్మల్లో చూసి పెరిగినవారే పెద్దయ్యాక ఆ నిర్ణయాలు తీసుకునే కుర్చీల్లో కూర్చుంటారు. మా తరగతిలో గొర్రెల కాపరుల కుటుంబం నుంచి వచ్చిన ఒక అబ్బాయి, మంచు మీద నిలబడిన ఒత్తు బొచ్చు తోడేలు బొమ్మ చూసి, ‘మా మందల మీద పడేది ఇంత బొద్దుగా ఉండదు టీచర్, బక్కగా, మట్టిరంగులో ఉంటుంది’ అన్నాడు. ఆ పిల్లవాడి మాట నిజం. అది ఏ పుస్తకంలో ఉందో చూపించమంటే నేను చూపలేను.

గోదావరి సముద్రంలో కలిసే చోట ఉన్న కోరింగ మడ అడవుల సంగతీ ఇంతే. అక్కడి నీటిపిల్లి వేళ్ల మధ్య కొద్దిపాటి పొర ఉంటుంది. రాత్రిపూట కాలువ గట్టున కదలకుండా పొంచి కూర్చుని, అదను చూసి చేపను పట్టేస్తుంది, అవసరమైతే నీళ్లలోకి దూకుతుంది. అదే నీళ్లలో నీటికుక్కలు కుటుంబాలుగా ఈదుతూ వేటాడతాయి. మడచెట్ల వేళ్ల నడుమ చేపపిల్లలు పెరగకపోతే ఈ రెండింటికీ తిండి లేదు, పక్కనే వల వేసుకునే మత్స్యకారుడికీ లేదు. చుట్టూ ఉన్న ఆ బురద, ఆటుపోట్లు లేకుండా నీటిపిల్లిని ఒంటరిగా తెల్ల కాగితం మీద అచ్చువేస్తే, అది వీధిలో తిరిగే పిల్లికి కాస్త పెద్దదిగానే కనిపిస్తుంది.

నేను కోరుకునే పుస్తకంలో ఒక పేజీ ఎలా ఉండాలో చెప్పడానికి ఇప్పచెట్టును తీసుకుంటాను. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆకు రాలిన కొమ్మల చివర గుత్తులుగా వచ్చే ఇప్పపూలు తెల్లవారేసరికి నేల మీద పరుచుకుని ఉంటాయి. చీకటి పడగానే పండ్లు తినే గబ్బిలాలు ఆ పూల తీపికి చేరి ఒక చెట్టు పుప్పొడిని మరో చెట్టుకు మోస్తాయి, కాయలు పండిన తరువాత గింజలను దూరంగా తీసుకుపోయి పడేస్తాయి. వేకువలో ఎలుగు వస్తుంది. దుప్పులు, కొండగొర్రెలు రాలిన పూలను ఏరుకుతింటాయి. అడవిలో స్వేచ్ఛగా తిరిగే జంతువుల్లో నాలుగు కొమ్ములున్నది ఈ కొండగొర్రె పోతు ఒక్కటే అన్న సంగతి అక్కడే చెప్పవచ్చు. దుప్పులున్న చోటికి చిరుత రాక మానదు. ఆ వేళకే గంపలు తీసుకుని గిరిజన మహిళలు కూడా పూలకు వస్తారు కనుక, ఎలుగుకూ మనిషికీ ఘర్షణ ఎక్కడ, ఎందుకు మొదలవుతుందో ఆ పేజీ చదివిన పిల్లలకు వేరే పాఠం లేకుండానే అర్థమవుతుంది. పలమనేరు, కుప్పం ప్రాంతాల్లో చేల మీద పడుతున్న ఏనుగులు 1980ల్లో పొరుగు రాష్ట్రాల అడవుల నుంచి ఎలా వచ్చి చేరాయో కూడా ఇదే పద్ధతిలో రాయాలి.

చిన్న జంతువులను వదిలేయకూడదని మరీ మరీ కోరుతున్నాను. మన దేశంలో నాలుగు వందలకు పైగా క్షీరద జాతులు ఉండగా, అందులో సగానికి మించి గబ్బిలాలు, ఎలుక జాతులు, చుంచులే. పుస్తకాలు మాత్రం పులి, ఏనుగు, జింకలతో ముగిసిపోతాయి. శేషాచలం కొండల్లో రాత్రిపూట కొమ్మల మీద నెమ్మదిగా కదులుతూ పురుగులను పట్టుకునే దేవాంగపిల్లి, పెద్ద కళ్లున్న పాపానికి మూఢనమ్మకాలకు బలవుతోంది. ఒళ్లంతా పెంకులతో, చీమలు, చెదపురుగులు తిని బతికే అలుగు సంగతీ చెప్పాలి. దాని పెంకులు మన గోళ్లలో ఉండే పదార్థంతోనే తయారవుతాయి. ఈ ఒక్క వాక్యం ప్రతి బడిపిల్లవాడికీ తెలిస్తే, ఆ పెంకుల్లో మందు గుణం ఉందని అడవి అంచు ఊళ్లలో తిరిగే దళారుల మాట చెల్లదు.

ఈ పని మన వల్ల కాదనుకోవడానికి కారణం కనిపించదు. భారతదేశపు క్షీరదాల మీద 1867లోనే ఇంగ్లీషులో ఒక సమగ్ర గ్రంథం రాసిన జెర్డన్ మన నెల్లూరులో వైద్యుడిగా పనిచేసినవాడే. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ 1948లో భారతీయ జంతువుల మీద ప్రేటర్ రాసిన పుస్తకాన్ని వెలువరించింది. ఇంగ్లీషు చదవగలిగినవారికి ఆ తరువాత కూడా మంచి క్షేత్ర కరదీపికలు వచ్చాయి. హైదరాబాదులో భారత జంతు సర్వేక్షణ సంస్థ కేంద్రం, అంతరించిపోతున్న జీవుల పరిరక్షణ కోసం సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) నడుపుతున్న ప్రయోగశాల, శ్రీశైలంలో అటవీశాఖ జీవవైవిధ్య పరిశోధన కేంద్రం ఉన్నాయి. అన్నిటికంటే ముఖ్యంగా, నాగార్జునసాగర్-శ్రీశైలం, ఆమ్రాబాద్ పులుల అభయారణ్యాల్లో కాపలా శిబిరాల్లో పనిచేసే చెంచులు ఉన్నారు. అడుగుజాడ చూసి జంతువేదో, ఎప్పుడు వెళ్లిందో చెప్పగల వారి పరిజ్ఞానం పుస్తకంలోకి రావాలి, వారి పేర్లు రచయితల సరసన అచ్చు కావాలి.

రెండు రాష్ట్రాల అటవీశాఖలు, తెలుగు అకాడమీలు కలిసి ఈ పుస్తకాన్ని చేపట్టాలని మనవి. జంతువుల వరుసలో కాకుండా గడ్డిమైదానం, రాతిగుట్టలు, ఆకురాల్చే అడవి, మడ అడవి అనే వరుసలో అధ్యాయాలు ఉంటే బాగుంటుంది. అడుగుజాడలు, పెంటికలు, గోకిన గుర్తుల బొమ్మలు అసలు కొలతల్లో ఇవ్వాలి. ఒకే జంతువుకు ఒక్కో జిల్లాలో ఒక్కో పేరు ఉంటుంది కాబట్టి వాటన్నిటినీ చేర్చాలి. ఖరీదైన కాగితం మీద వేసి బీరువాల్లో దాచే ప్రచురణ మాకు అక్కరలేదు. సంచిలో పట్టేంత పరిమాణంలో, నలుపు తెలుపు రేఖాచిత్రాలతోనైనా సరే, అడవి అంచున ఉన్న ప్రతి బడికీ, శాఖా గ్రంథాలయానికీ, అటవీ బీటుకూ ఒక ప్రతి చేరాలి. అది వచ్చేలోగా మీ ఆదివారం అనుబంధంలో వారానికొక జంతువును, దాని నేలతో సహా పరిచయం చేయగలిగితే, ఆ కత్తిరింపులను మా పిల్లలు భద్రపరుచుకుని చదువుకుంటారు.

ఇట్లు,
ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు,
నంద్యాల జిల్లా.