గురువారాలు ఇచ్చినవారికి వందనాలు

ప్రభువు నామంలో అందరికీ వందనాలు.

మా ఆయనకు డయాలసిస్ మొదలై ఏడాది దాటింది. ఈ ఏడాదంతా మా ఇంటిని నిలబెట్టిన మా సంఘస్థులకు, బోయిన్‌పల్లిలో మా వీధివాళ్ళకు కృతజ్ఞతలు చెప్పుకోవాలని రాస్తున్నాను. మొన్న ఆదివారం సాక్ష్యం చెబుదామని లేచాను గానీ రెండు మాటలకే గొంతు పూడుకుపోయింది. అందుకే ఈ రాత. పేర్లు మాత్రం రాయడం లేదు. ఎవరిని అడిగినా, కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్నాడు కదమ్మా ప్రభువు, మా పేర్లెందుకు అన్నారు. సరే, పేర్లు వద్దు. చేసిన పనులు చెప్తాను.

ముందు డబ్బు సంగతి. మొదటి నెలలో సంఘంలో ప్రత్యేక కానుక పట్టారు. అద్దెకు, ఆటోలకు, టెస్టులకు ఆ డబ్బే ఆదుకుంది. కవరు చేతికిస్తూ ఫోటో దిగమంటారేమోనని లోపల బెరుకుగా ఉండేది. ఎవరూ ఫోన్ బయటికి తీయలేదు. దానికి విడిగా ఒక థ్యాంక్స్.

డయాలసిస్ ఖర్చు ఆరోగ్యశ్రీలో వెళ్ళిపోతోంది. మాకు నిజంగా కరువైంది టైము. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు మెషీన్ మీద ఉండాలి. రానూ పోనూ ప్రయాణం, మన వంతు వచ్చేదాకా కూర్చోవడం కలిపితే పూట కాదు, రోజే పోతుంది. నేను ప్రైవేటు స్కూల్లో టీచరును. శనివారం మా బడికి సెలవు కాబట్టి ఆ రోజు నాది. మంగళవారం మా తమ్ముడు వస్తానన్నాడు. గురువారం ఎవరూ లేరు. ఉద్యోగం మానేద్దామనే అనుకున్నాను.

"ఏం కావాలన్నా మొహమాటపడకుండా అడుగమ్మా" అని చాలామంది అన్నారు. ప్రేమతోనే అన్నారు. కానీ అడగడం ఎంత కష్టమో, అడిగే అవసరం పడ్డవాళ్ళకే తెలుస్తుంది. రైల్వేలో రిటైరైన అంకుల్ ఒకాయన మాత్రం ఆ మాట అనలేదు. "గురువారం నాది. నువ్వు బడికెళ్ళు" అన్నారు, అంతే. ఆ తర్వాత వానలు పడ్డా, సిటీ అంతా నిమజ్జనం ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా ఆయన గురువారం తప్పలేదు. పేపరు తెచ్చి పదకేళి నింపుతూ కూర్చుంటారు. మా ఆయనతో క్రికెట్ మీద గొడవ పడతారు. మొదట్లో మెషీన్ చూస్తేనే అంకుల్‌కు టెన్షన్. ఇప్పుడు మా ఆయనకు బీపీ పడిపోయి కాళ్ళు పట్టేస్తుంటే మొహం చూసే కనిపెట్టి సిస్టరును పిలుస్తారు. చివర్లో సూదులు తీశాక ఫిస్టులా (డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలు కలిపి చేసిన చోటు) మీద గాజుగుడ్డ ఎంతసేపు, ఎంత గట్టిగా అదమాలో సిస్టరు దగ్గరే నేర్చుకున్నారు. నా ఉద్యోగం ఇవాళ ఉందంటే ఆ గురువారాల వల్లే.

తర్వాత మా స్త్రీల సమాజం. మొదటి వారాల్లో ఇల్లంతా కొబ్బరిబోండాలు, అరటిపళ్ళు, బత్తాయిలు, ఆవకాయ సీసాలు. అన్నీ మా ఆయనకు పడనివే! కిడ్నీలు పనిచేయనివాళ్ళకు పళ్ళలో, కొబ్బరినీళ్ళలో ఉండే పొటాషియం ఒంట్లోనే ఉండిపోతుంది, అది పెరిగితే గుండెకే ముప్పు. ఉప్పు తింటే దాహం, దాహం వేస్తే నీళ్ళు, నీళ్ళు తాగితే ఆయాసం. ఒక ఆంటీ ఇదంతా చూసి, నాతోపాటు డైటీషియన్ దగ్గరికి వచ్చి కూర్చుని అన్నీ రాసుకున్నారు. కూరగాయలు చిన్న ముక్కలు కోసి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి, అప్పుడు తాలింపు వేయాలి. పెద్ద అక్షరాలతో ఆ కాగితం రాసి జిరాక్సులు తీయించి సమాజంలో అందరికీ పంచారు. మా ఇంటికి కూర తెచ్చేవాళ్ళంతా ఇప్పుడు అలాగే వండి తెస్తున్నారు. డయాలసిస్ వార్డులో మరికొన్ని కుటుంబాల చేతుల్లోనూ ఆ కాగితం చూశాను. ప్రార్థనకు వచ్చినప్పుడు టీ పెట్టవద్దని చెప్పింది కూడా ఆవిడే. (మా ఆయనకు నీళ్ళకు కొలత ఉంది గానీ కొందరి ప్రార్థనలకు లేదు. అది వేరే సంగతి.)

యూత్ పిల్లలు రక్తం ఇస్తామని గుంపుగా వచ్చారు. ముందు ముందు కిడ్నీ మార్పిడి చేయాల్సినవారికి వీలైనంతవరకు రక్తం ఎక్కించకపోవడమే మంచిదని, ఒంట్లో యాంటీబాడీలు పుట్టి రేపు కిడ్నీ కుదరడం కష్టమవుతుందని డాక్టరుగారు చెప్పారు. పిల్లలు వెనక్కి వెళ్ళిపోలేదు. వేరేవాళ్ళకు పనికొస్తుందని బ్లడ్ బ్యాంకులో ఇచ్చారు. మగపిల్లలు మూడు నెలలకోసారి, ఆడపిల్లలు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చట. ఆ లెక్కన తేదీలు రాసుకుని ఇస్తూనే ఉన్నారు. కొందరు ప్రభుత్వంవారి జీవన్‌దాన్ పథకంలో అవయవదానానికి పేరు నమోదు చేసుకున్నారు. పేరు ఇచ్చినా చివరికి కుటుంబం ఒప్పుకోవాలి కాబట్టి ఇంట్లో చెప్పి ఒప్పించాలి, అసలు తిప్పలు అక్కడే. ఒక మామ్మగారు "కిడ్నీ లేకుండా పునరుత్థానంలో ఎలా లేస్తానయ్యా?" అని పాస్టరుగారిని నిలదీశారు. "మట్టిలో కలిసినదాన్ని లేపేవాడికి కిడ్నీ ఒక లెక్కా మామ్మా!" అన్నారాయన. మామ్మగారు ఇంకా ఆలోచిస్తున్నారు.

మా ఆయన ఏసీ మెకానిక్. ఫిస్టులా ఉన్న చేత్తో బరువులు ఎత్తకూడదు కాబట్టి ఆ పని ఆగిపోయింది. ఇంట్లో కూర్చుని మనిషి మాటే తగ్గించేశాడు. సంఘంలో స్పేర్ పార్టుల షాపున్న ఒక అన్నయ్య వచ్చి, సోమ, బుధ, శుక్రవారాలు కౌంటరులో కూర్చోమన్నారు. ఏ పార్టు ఏ మోడలుకు సరిపోతుందో కుర్రాళ్ళకు తెలియక సరుకు వాపసు వస్తోందట. నెల తిరగ్గానే జీతం ఇచ్చారు, సాయం అనలేదు. బైబిల్లో పొలం ఆసామి బోయజు తన పనివాళ్ళతో, పనలలోంచి కొన్ని పరకలు కావాలనే పడేయండి, పరిగె ఏరుకునే రూతును ఏమీ అనకండి అని చెప్పిన మాట నాకు అప్పుడు అర్థమైంది. రూతు ఏరుకుంది, ఎవరి ముందూ చెయ్యి చాపలేదు. మన మెదక్ చర్చి సంగతీ అదే. కరువు రోజుల్లో మిషనరీ పాస్నెట్ దొరగారు జనానికి పని చూపించి, ఆ పనికి తిండి పెట్టి కట్టించారు. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగింది. ఆ కూలీలు గంజి కేంద్రం ముందు వరుసలో నిలబడి కడుపు నింపుకోలేదు, గుడి కట్టి తిన్నారు. మొదటి జీతంతో మా ఆయన అంకుల్‌కు కొత్త పదకేళి పుస్తకం కొన్నాడు. ఏం మాట్లాడకుండా తీసుకున్నారు. ఆయన మాట్లాడకపోవడం అదే మొదటిసారి.

ఇంకా ఎందరో ఉన్నారు. మా పాపకు లెక్కలు చెప్పిన అక్క, డయాలసిస్ వాళ్ళకూ ఆసరా పింఛను ఉందని చెప్పి కాగితాలు నింపిపెట్టిన తమ్ముడు, ఆసుపత్రికి వెళ్ళే రోజుల్లో ఇంటి తాళంచెవి పెట్టుకున్న ఎదురింటి పిన్ని. అందరికీ దండాలు.

ఒక విన్నపం. ఎవరింట్లోనైనా కొత్తగా డయాలసిస్ మొదలైతే, ఆదివారం ఆరాధన అయ్యాక మా ఆయన మెట్ల దగ్గర ఉంటాడు. మొదటి నెల ఎలా ఉంటుందో ఆయన్నే అడగండి. డైట్ కాగితం జిరాక్సులు చర్చి ఆఫీసులో పెట్టాం. వచ్చే నెల అంకుల్‌కు కంటి ఆపరేషన్ ఉంది. ఆ రెండు మూడు గురువారాలు ఎవరైనా తీసుకుంటామంటే నాకు కాదు, ఆయనకే చెప్పండి. ఎవరికి అప్పగించాలో ఆయనే చూసుకుంటారట.